జీవరత్నం గారి రెండో వాంగ్మూలం

జీవరత్నం గారింట్లో శాలువాలకి లోటు లేదు. టీవీ మీద ఒకటి, కుట్టుమిషను మీద ఒకటి, బియ్యం డబ్బా మీద ఒకటి. పోయిన చలికాలం దూడకి జలుబు చేస్తే దాని వీపు మీద కూడా ఒకటి కప్పేరు, జరీ అంచున్నదే. మామిడికుదురు చుట్టుపక్కల ఏ బళ్లో జెండా ఎగరేసినా వేదిక మీద ఒక మిలటరీ మనిషి ఉండాలి. కుంటుతూ నడిచే మిలటరీ మనిషయితే మరీ మంచిది, దేశభక్తి దూరం నుంచి కూడా కనిపిస్తుంది. కాబట్టి జీవరత్నం గారికి ఏటా పిలుపు తప్పదు.

ఒక ఏడాది ఫ్లెక్సీ మీద ఎవరిదో ఫొటో వేసి కింద ‘వీరజవాను జీవరత్నం’ అని రాయించేరు. ఆయన ఆ ఫ్లెక్సీ కిందే కూచుని, దండ వేయించుకుని, ఉపన్యాసాలన్నీ విని ఇంటికొచ్చేరు. ఆ ఫొటో నాది కాదని ఒక్కమాట చెప్పొచ్చు కదా అని భార్య మార్తమ్మ గారు అడిగితే, పాపం ఖర్చు పెట్టి వేయించుకున్నారు, చెబితే బాగోదన్నారు.

గోదావరి జిల్లాల మర్యాద గురించి మనవాళ్లు తెగ మురిసిపోతూ ఉంటారు. ఆ మర్యాదలో సగం మొహమాటమే. అవతలివాడి ముఖం చిన్నబోకుండా ఉండడం కోసం మన కొంపకి మనం నిప్పెట్టుకోడాన్ని మొహమాటం అంటారు. జీవరత్నం గారు ఆ నిప్పు ఇరవయ్యారేళ్ల వయసులో పెట్టుకున్నారు. ఇప్పుడాయనకి యాభై దాటింది. ఇంకా ఆరలేదు.

వేదిక మీద వీరజవానే. వేదిక దిగి టీ కొట్టు దగ్గరకొస్తే మాత్రం ఊరి లెక్క వేరు. తాగి జీపు బోల్తా కొట్టించి కాలు విరగ్గొట్టుకున్న డ్రైవరు. ఈ కథ ఎక్కడో పుట్టలేదు, ఆయన డిశ్చార్జి కాగితాల్లోనే ఉంది. తాగినట్టు లేదు గానీ, జీపు అదుపు తప్పించి లోయలోకి దింపేడని ఉంది. మిలటరీ డ్రైవరు తాగకుండా జీపెలా బోల్తా కొట్టిస్తాడని ఆ లోటు ఊరివాళ్లే పూడ్చేరు. నిజానికి ఆయన మందు ముట్టరు. మాజీ సైనికుల క్యాంటీన్లో ఆయన వాటా కింద వచ్చే సీసాలు అడిగినవాళ్లకి ఇచ్చేస్తారు, కాదనలేక. ఆ సీసాలు తాగినవాళ్లే రాత్రికి ఆయన తాగి జీపు తోలిన కథ చెప్పుకుంటారు.

సైన్యం నుంచి వచ్చేక అమలాపురంలో ఒక కాలేజీ బస్సుకి డ్రైవరుగా అడిగేరు. కాగితాలు చూసి, చాలా మర్యాదగా, తరవాత చెబుతామన్నారు. చర్చిలో సంఘపెద్దగా ఆయన పేరు వచ్చినప్పుడు కూడా ఎవరో దగ్గేరు, ఆ పేరు అక్కడితో ఆగిపోయింది. చివరికి ఒక గ్యాసు బావి దగ్గర గేటు కాపలాకి కుదిరేరు. కూచుని చేసే పని. కుడికాలికి అదే సుఖం.

అసలు జరిగింది చెబితే పొడుగేమీ కాదు. రెండువేల ఒకటిలో జీవరత్నం గారు కాశ్మీరులో ఉన్నారు. అక్కడ రోజూ పొద్దున్నే ఒక దళం రోడ్డంతా నడిచి, మందుపాతరలు లేవని చూసుకుని, వెళ్లొచ్చని చెప్పాలి. అప్పటిదాకా ఏ బండీ కదలకూడదు. ఆవేళ ఆ మాట రాకముందే ఒక కుర్ర లెఫ్టినెంటు బండి తియ్యమన్నారు. ఆయనకి నిశ్చితార్థం కుదిరింది, సెలవు కాగితం మీద పై అధికారి సంతకం కావాలి, ఆ అధికారి పొద్దెక్కితే దొరకడు. జీవరత్నం గారు తీసేరు. రెండో మలుపులో కుడి చక్రం కింద మందుపాతర పేలింది. జీపు దొర్లింది. లెఫ్టినెంటు గారికి మోచేయి గీసుకుంది. జీవరత్నం గారి కుడికాల్లోంచి డాక్టర్లు ఇనప ముక్కలు ఏరేరు.

ఆ లెఫ్టినెంటు పేరు హేమంత్. ముక్తేశ్వరం సుందరరామయ్య మాస్టారి అబ్బాయి. మాస్టారు మామిడికుదురు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. జీవరత్నాన్ని ముందు బల్ల మీద కూచోబెట్టిందీ, పది పాసయ్యేక సైన్యంలో చేరమని చెప్పి దరఖాస్తు నింపి పెట్టిందీ ఆయనే. ఆయన కొడుకు కింద పని చెయ్యడం జీవరత్నం గారికి గర్వంగా ఉండేది. అంత దూరాన, ఆ మంచులో, మనవైపు తెలుగు మాట్లాడే అధికారి.

ఆ అధికారి ఆసుపత్రి మంచం పక్కన కూచున్నారు. ఏపిల్ పళ్లు తెచ్చేరు, తనే కోసి పెట్టేరు. రోడ్డు తెరవకుండా వెళ్లేమని తెలిస్తే విచారణ వేస్తారని, తన ఉద్యోగం అక్కడితో సరని, నాన్నగారు తట్టుకోలేరని చెప్పేరు. జీపు అదుపు తప్పిందని రాసిస్తే ఎవరికీ నష్టం లేదు. వైద్యం ఎలాగూ ఒకటే.

“నీకు ఇష్టం లేకపోతే వద్దు రత్నం,” అన్నారట హేమంత్ గారు.

“ఆయ్, రాసెయ్యండి బాబూ,” అన్నారు జీవరత్నం గారు. సంతకం పెట్టేరు.

శత్రువు చేతిలో గాయపడ్డ సైనికుడికి ప్రభుత్వం పరాక్రమ పతకం ఇస్తుంది. జీపు దొర్లించుకున్నవాడికి ఇవ్వదు. అది న్యాయమే. జీవరత్నం గారు చాలా ఏళ్లు దాని ఊసెత్తలేదు. ఆ సంఘపెద్ద సంగతి జరిగిన తరవాతే అమలాపురం బస్సెక్కేరు.

అమలాపురంలో మాజీ సైనికుల సంఘం గదిలో కనకరాజు గారని ఒకాయన కూచుంటారు. సైన్యంలో గుమాస్తాగా చేసి వచ్చినాయన. ఆయన చెయ్యి పడని అర్జీ ఈ ప్రాంతం నుంచి పోదు. అంతా విని, కాగితం మార్చాలంటే కాగితమే కావాలి, ఆ రోజు పక్కన కూచున్న మనిషి రాసిస్తేనే రికార్డుల ఆఫీసు కదులుతుందన్నారు. పతకం వస్తే పెన్షనులో కూడా ఏదో మార్పు ఉండొచ్చన్నారు. దాని గురించి జీవరత్నం గారు ఏమీ అడగలేదు. కాగితంలో ‘అదుపు తప్పించి’ అన్న మాట పోతుందా అని మాత్రం అడిగేరు.

హేమంత్ గారు అప్పటికి కల్నలు దాకా ఎదిగి, రిటైరయి, హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీకి భద్రత చూస్తున్నారు. ఫోన్లో చాలా ప్రేమగా మాట్లాడేరు. తప్పకుండా రాస్తానన్నారు. అయితే నాన్నగారికి ఒంట్లో బాగోలేదు, ఈ వయసులో ఆయన చెవిన పడితే ఏమవుతుందో, కొన్నాళ్లు ఆగుదామన్నారు. జీవరత్నం గారు ఆగేరు. మాస్టారు మరో నాలుగేళ్లు బతికేరు. ఆయన కోసం ప్రార్థన చేసేటప్పుడల్లా జీవరత్నం గారికి తన ప్రార్థన మీద తనకే అనుమానం వచ్చేదట.

మాస్టారు పోయేక ముక్తేశ్వరం వెళ్లి పలకరించి వచ్చేరు. నెల దాటేక ఫోన్ చేస్తే, ఏడాది తిరిగేదాకా తను ఏ కొత్త పనీ పెట్టుకోకూడదని, సంవత్సరీకం అవ్వనిమ్మని హేమంత్ గారు చెప్పేరు. సైన్యం రికార్డులకి ఏడాది సూతకం పట్టాలని ఏ శాస్త్రంలో ఉందో ఆయనకే తెలియాలి. జీవరత్నం గారు ఆయ్ అన్నారు.

సంవత్సరీకం అయింది. జీవరత్నం గారు మళ్లీ ఫోన్ చేసేరు. ఈసారి హేమంత్ గారు తమ అమ్మాయికి పెళ్లి సంబంధాలు చూస్తున్నామని మొదలెట్టేరు. జీవరత్నం గారు ఆయ్, ఆయ్ అంటున్నారు. వరండాలో కొబ్బరి పీచు దులుపుతున్న మార్తమ్మ గారు లేచి వచ్చి, చెయ్యి చీరకి తుడుచుకుని, ఫోను తీసేసుకున్నారు.

“బాబుగారూ, నేను మార్తమ్మనండి. మీకు ఇబ్బందేనండి, కాదన్ను. కానీ ఆ కాలు ఇన్నేళ్లూ మా ఇంట్లో ఉందండి. మీ ఇంట్లో లేదు.”

రాస్తానమ్మా అన్నారట చివరికి.

రాసేరు కూడా. ఉత్తరం వచ్చింది, మంచి కాగితం మీద, మంచి ఇంగ్లీషులో. ఆ రోజు పేలుడు జరిగిందనీ, జీపు దానివల్లే పడిందనీ, డ్రైవరు తప్పేమీ లేదనీ ఉంది. రోడ్డు తెరవలేదన్న సంగతి లేదు. డ్రైవరు అప్పట్లో వేరేగా ఎందుకు చెప్పేడో తనకి తెలియదని చివర ఒక వాక్యం ఉంది.

ఆ చివరి వాక్యమే పట్టుకుంది రికార్డుల ఆఫీసు. పేలుడు సంగతి పరిశీలిస్తున్నాం, ప్రమాదమని అప్పట్లో మీరే సంతకం చేసి ఇచ్చేరు, ఆ వాంగ్మూలం ఎందుకు ఇచ్చేరో రాతపూర్వకంగా వివరించండి అని జవాబిచ్చింది. అడగదగ్గ ప్రశ్నే. ఇన్నేళ్లలో జీవరత్నం గారిని ఆ ప్రశ్న అడిగినవాళ్లు మరొకరు లేరు.

ఆయన సెలవు పెట్టి, బోడసకుర్రు వంతెన మీదుగా మళ్లీ అమలాపురం వెళ్లేరు. బస్సు దిగి గది మెట్లెక్కేసరికి కాలు లాగేసింది. కనకరాజు గారు అప్పటికే జవాబు టైపు చేయించి ఉంచేరు. తెలుగులో చదివి వినిపించేరు. అధికారి బెదిరించి, ఒత్తిడి చేసి, స్పృహ సరిగా లేని స్థితిలో తన చేత సంతకం పెట్టించుకున్నాడని ఉంది. ఇలా రాస్తే పాత వాంగ్మూలం కొట్టుకుపోతుంది, పతకం ఇంటికి నడిచొస్తుందన్నారు.

“బెదిరించలేదండి,” అన్నారు జీవరత్నం గారు.

“బెదిరించకపోతే ఎందుకు పెట్టేవయ్యా సంతకం?”

“అడిగేరండి. మాస్టారి అబ్బాయి. కాదనలేకపోయేను.”

“అది కారణమా?”

“అదేనండి కారణం.”

కనకరాజు గారు కళ్లజోడు తీసేరు. ఢిల్లీలో కూచున్నవాడికి ముక్తేశ్వరం మాస్టారు ఎవరో ఎలా తెలుస్తుందని విసుక్కున్నారు. ఎవరూ బెదిరించకుండానే నువ్వు తప్పుడు వాంగ్మూలం ఇచ్చేనని ఒప్పుకుంటే పతకం సంగతి దేవుడెరుగు, ఉన్న పరువు పోతుందన్నారు. ఆ తరవాత కాస్త గొంతు తగ్గించి, అసలు మాట అడిగేరు.

“ఇంకా ఆ బాబుని కాపాడుతున్నావా, హవల్దారూ?”

“లేదండి. ఆయన పేరు రాయండి. రోడ్డు తెరవకుండా వెళ్లేమని రాయండి, సెలవు కాగితం కోసమని అదీ రాయండి. రాసిమ్మని ఆయనే అడిగేరని రాయండి. బెదిరించేరని మాత్రం వద్దు. ఏపిల్ పళ్లు కోసి పెట్టేరండి.” టైపు చేసిన కాగితం బల్ల మీద వెనక్కి జరిపి అన్నారు: “నాకు స్పృహ లేకపోవడం ఏమిటండి, బాగానే ఉంది. ఒక అబద్ధం మీద సంతకం పెడితే దాన్ని మోసేసరికి ఇంతకాలం పట్టింది. రెండోది మొయ్యాలంటే నా వల్ల కాదండి.”

దీన్ని సత్యసంధత అని పొగిడేవాళ్లు ఉంటారు. ఓ శాలువా కూడా తెస్తారేమో. కానీ ఆవేళ ఆయన మొహం చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. అది ఒట్టి అలసట. బస్తా దింపినవాడు ఇంకో బస్తా ఎత్తనన్నాడు, అంతే.

టైపు చేసిన కాగితం చింపకుండా పక్కన పెట్టి, కనకరాజు గారు కొత్తది తన చేత్తోనే రాసేరు. రాస్తూ రెండుసార్లు గొణిగేరు. జీవరత్నం గారు ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పించుకుని, తలూపి, సంతకం పెట్టేరు. ఆ సంతకం పాతదాని కంటే వంకరగా వచ్చింది.

ఆ కాగితం పంపి ఏడు నెలలయింది. జవాబు రాలేదు. హేమంత్ గారికి దాని నకలు జీవరత్నం గారే పంపించేరు, చెప్పకుండా పంపితే బాగోదని. ఆయన దగ్గర్నుంచి కూడా ఏమీ రాలేదు. ఫోన్లో ఆ ప్రేమ కూడా ఆగిపోయింది. పతకం వస్తుందా అని మార్తమ్మ గారు ఇప్పుడు అడగరు. టీ కొట్టులో జీపు ఇంకా బోల్తా పడుతూనే ఉంది.

మొన్న ఆగస్టు మొదట్లో, ఏటా ఫ్లెక్సీలు వేయించే క్లబ్బు కార్యదర్శి ఆదినారాయణ గారు వచ్చేరు. జెండా పండక్కి ఎప్పటిలాగే పెద్దలు మీరు వేదిక మీద ఉండాలన్నారు. ఈసారి ఫొటో సరైందే వేయించేమని నవ్వేరు కూడా. జీవరత్నం గారు కాలు చాపుకుని అరుగు మీద కూచున్నారు.

“నేను రానండి,” అన్నారు.

ఆదినారాయణ గారు ఇది ఊహించలేదు. ఒంట్లో బాగోలేదా అని అడిగేరు. బాగానే ఉందన్నారు. మా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అన్నారు. లేదన్నారు. మరి ఎందుకండి అన్నారు. రావాలని లేదండి అన్నారు జీవరత్నం గారు. లోపల మార్తమ్మ గారు చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేరు. పెళ్లయిన దగ్గర్నుంచి ఈయన నోట ఒకరి ఎదురుగా కాదన్న మాట ఆవిడ వినలేదు.

ఆదినారాయణ గారిదీ ఈ జిల్లాయే కాబట్టి ఉత్త చేతుల్తో వెనక్కి వెళ్లలేకపోయేరు. తెచ్చిన శాలువా అరుగు చివర పెట్టి, నమస్కారం చేసి వెళ్లిపోయేరు. అది సాయంత్రం దాకా అక్కడే ఉంది. వాన మొదలవుతుంటే మార్తమ్మ గారు తీసి లోపల పెట్టేరు.