సుగుణమ్మతో సమాధి ప్రార్థన చేయించింది నేనే

2018లో నేరేడుచర్ల దగ్గరి మా పల్లెలో సుగుణమ్మ ఒక సమాధి కార్యక్రమం జరిపించింది. తనంతట తానే పాస్టర్ పనికి ఎగబడిందని ఊళ్లో ఇప్పటికీ అంటారు. అక్కడి చర్చి సంఘానికి పాస్టర్ని నేను. చేయమన్నది నేను. చెప్పాల్సిన చోట ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు రాస్తే మా పెద్దల్లో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

అది నాట్ల కాలం. బైకు జారి కాలు విరిగి మిర్యాలగూడ ఆసుపత్రిలో ఉన్నాను. సంఘంలో ఎలీషా తాత చనిపోయాడని కబురొచ్చింది. మాలో పాస్టర్ బరియల్ సర్వీసు చేయనిదే, అంటే వాక్యం చదివి, ప్రార్థించి, మొదటి పిడికెడు మన్ను వేయనిదే, గుంత పూడ్చరు. కోదాడలో, సూర్యాపేటలో నాకు తెలిసిన పాస్టర్లెవరికీ ఆ రోజు వీలు కాలేదు. తాత మంచాన పడ్డప్పటి నుంచి రోజూ వెళ్లి ప్రార్థన చేసింది నాట్లేసే కూలీల ముఠాను నడిపే సుగుణమ్మే. ఆమెకే ఫోన్ చేశాను.

"నేనా? సంఘ పెద్ద యోహాను సార్ ఊకుంటడా?"

"ఆయనకు నేను చెప్త. నువ్వు చెయ్యమ్మా."

"మల్ల చెప్తరు గదా అయ్యగారూ?"

"నీ నోటికి ఎవరు ఎదురొస్తరు?" అని నవ్వాను.

ఆమె చేసింది. ఆమెను చూసి మరో ముగ్గురు ఆడవాళ్లు కాటేజ్ ప్రేయర్లు, అంటే ఇంటింటి ప్రార్థనలు, నడుపుతామని ముందుకొచ్చారు.

నేను చంకకర్రలతో తిరిగొచ్చాక కమిటీ కూర్చుంది. యోహాను సార్ ఆమెను నిలబెట్టి అడిగారు. "ఎవర్నడిగి మన్నేసినవ్? నాట్లేసుడు, సమాధి చేసుడు ఒకటేనా?"

సుగుణమ్మ నా వైపు చూసింది. కమిటీ పై అధికారులకు రాస్తే నన్ను దూరాన తిరుమలగిరి వైపు బదిలీ చేస్తారని నా భయం. తల దించుకున్నాను.

ఆమె సార్ వైపు తిరిగి, "తప్పని నేననను సార్. మీరు ఆ దినం వాననుకుంట ఇల్లు కదలకపోతిరి" అంది.

ఆ తర్వాత వెనక వరుసలో కూర్చునేది. గొంతెత్తి ప్రార్థన చేయలేదు. ఆ ముగ్గురూ మానేశారు.

ప్రతి విశ్వాసీ పరిచారకుడే అని నేను మాత్రం ఏళ్ల తరబడి ప్రసంగించాను. పరిచర్యకు, అంటే దేవుని సేవకు, ఎవరూ లేవలేదు. పోయిన ఏడాది, ఆ ముగ్గురిలో ఒకరైన మరియను స్త్రీల ఉపవాస ప్రార్థన నడపమన్నాను.

"నడుపుత అయ్యగారూ. రేపు పెద్దలు పిలిస్తే మీరు మల్ల నేల సూపులు సూస్తరా?"

మా వాళ్లకు ధైర్యం చాలదని అంతవరకూ తోటి పాస్టర్లతో చెప్పుకునేవాణ్ని. చాలనిది నాకు. పరిచర్యకు రమ్మని పిలవడం సులువు. పిలిచినవాణ్ని నేనేనని ఒప్పుకోవడమే పాస్టర్ పని.

ఆ ఆదివారం ప్రసంగం పక్కనపెట్టి జరిగింది చెప్పాను. యోహాను సార్ లేచారు.

"కమిటీల మాట్లాడేది గుడిల ఎందుకు పాస్టర్ గారూ?"

"ఆమె పేరు ఊరంత చెడింది సార్. పైకి రాసుకోండి, నేను సంతకం పెడత. ఇగ ఇక్కడ పరిచర్యకు ఎవరు లేచినా, లేపింది నేనే."

ప్రసంగ వేదిక దిగి వెనక వరుస దాకా నడిచాను. సుగుణమ్మ లేవలేదు. ఆమె ముందు నిలబడి, అందరికీ వినబడేలా అన్నాను.

"సుగుణమ్మా, ఆ దినం నిన్నొక్కదాన్నే నిలబెట్టి నేను కూసున్న. నన్ను క్షమించు."