చెప్పులు చూసి మూత వెయ్యాలి

మా మావయ్య పోయాడు. మంగళవారం పొద్దున్న న్యూ టౌన్ వెళ్ళే బస్సులో నిలబడి, నా వ్యాసాన్ని తిట్టిన ఎవరికో ఫోన్‌లో ఘాటుగా జవాబు కొడుతుండగా మరదలు ఫోన్ చేసింది. "వదినా, నాన్న ఎల్లిపోయాడు. ఆస్పత్రిలోనే. నువ్వు రా." ఫోన్ పెట్టేశాక సగంలో ఉన్న ఆ జవాబుని అలాగే పంపేశాను. ఎందుకు పంపానో తెలీదు. వేలు అలవాటుగా నొక్కేసింది. అప్పట్నుంచీ ఆ వేలి గురించే ఆలోచిస్తున్నాను.

మీలో చాలామంది నా రాతల్ని తిట్టినవాళ్ళే. కొందరు మెచ్చుకున్నారు కూడా. ఈసారి ఎవర్నీ ఓడించడానికి రాయడం లేదు. అసలు రాయొచ్చో లేదో తేలక మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇప్పుడు కూడా ప్రతి వాక్యం దగ్గరా వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను.

మావయ్య ఈ నగరం కింద బతికిన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఈ బెంగాలీ నగరానికి వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా మురుగుకాల్వల్లోకి దిగాడు. పని మానేసేసరికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. మెట్లెక్కి దిగొద్దన్నారు డాక్టర్లు. భవానీపూర్‌లో రెండో అంతస్తు గదిలో కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్న మనిషిని కూచోబెట్టడానికి, ఐటీ ఉద్యోగం చేసే కూతురు తన పాత కంప్యూటరు తెచ్చి అందులో ఒక ఆట పెట్టింది.

ఆట పేరు రాయను. నా చేత ఉచిత ప్రచారం వాళ్ళకెందుకు? సామ్రాజ్యాలు కట్టే ఆట అది. ఒక్క ఊరితో మొదలుపెట్టి పొలాలు, రోడ్లు, సైన్యాలు, మరిన్ని ఊళ్ళు. చదరంగంలోలాగే వంతులుంటాయి. నీ మనుషులందర్నీ కదిపాక మూలనున్న బొత్తాం నొక్కితే నీ వంతు అయిపోతుంది, అప్పుడు మిగతా రాజులు కదులుతారు.

చూడగానే నాకు ఒళ్ళు మండింది. "మావయ్యా, ఇది దోపిడీని బొమ్మ చేసి అమ్మడం. మనుషులున్న నేలని ఖాళీ నేలంటాడు. అక్కడున్నవాళ్ళని అనాగరికులంటాడు. నువ్వెలా ఆడుతున్నావు?" అని గంటసేపు ఉపన్యాసం దంచాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"ఆడి సూసినావేటే గుంటా?"

"లేదు."

"మరైతే కూకో."

నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆయనకి నేనింకా గుంటనే, చిన్నపిల్లనే.

ఆదివారాలు ఆ గదిలో ఆట మీద వాదనలు నడిచేవి. మరదలు ఫోన్‌లో ఆటగాళ్ళ అభిప్రాయాలు చదివి వినిపించేది. కంప్యూటరు రాజులు మోసం చేస్తారని ఒకడు, సగం దాటాక విసుగని ఇంకొకడు. మరదలిదీ ఆ మాటే. "మొదటి యాభై టర్నుల్లో తేలిపోద్ది నాన్నా. మిగిలిందంతా చాకిరీ." పక్కగది బెంగాలీ దాదా రిటైరైన గుమాస్తా. యుద్ధం చదువురానివాళ్ళ పని, నేను గ్రంథాలయాలు కట్టి గెలుస్తానంటాడు. ఆయన గ్రంథాలయాలన్నీ చివరికి పక్క రాజు గుర్రపుశాలలయ్యేవి. "దాదా, మీ పుస్తకాలు గుర్రాలు నమిలీసినాయి" అని మావయ్య నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడి, మేం ముగ్గురం భయంగా ఆయన ఛాతీ వైపే చూస్తుంటే చేత్తో సైగ చేసేవాడు, ఆట కానివ్వండని.

మావయ్య అభిప్రాయం వేరు. "ఇన్నేసి ఊళ్ళు కట్టినాడు, ఒక్క కాలవ నేదు. ఇంత మంది తిన్నదీ ఏటైపోతంది? ఎవుడెత్తుతన్నాడు?" రాజుకి పేరుంది, సేనాపతికి పేరుంది, రోడ్డేసేవాడికి లేదని ఆయన కోపం. అందుకని కూతురి చేత పనివాళ్ళకి పేర్లు పెట్టించాడు. అన్నీ తనతో కాల్వల్లోకి దిగిన జట్టువాళ్ళ పేర్లే. గవరయ్య అనే పనివాడు అడవి అంచున రోడ్డేస్తుంటే, సంత్రాగాఛిలో కొడుకు దగ్గరుంటున్న అసలు గవరయ్యకి ఫోన్ చేసేవాడు. "ఒరే, నువ్వీయేల రెండు గళ్ళ రోడ్డేసినావురా." అవతల నుంచి బూతులూ నవ్వూ వినిపించేవి.

వంతు ముగించడానికి ఆయనకి పట్టినంతసేపు నేనెక్కడా చూడలేదు. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నాడో చూసి, దగ్గర్లో శత్రువు లేడని తేల్చుకున్నాకే బొత్తాం. మరదలు విసుక్కునేది. నేను కూడా. ఒకరోజు అడిగాను, ఎందుకింత నస అని.

అప్పుడు చెప్పాడు. కాల్వలోకి దిగేవాళ్ళు చెప్పులు గోతి అంచున విడిచి దిగుతారు. పైకొచ్చినవాడు తన జత తొడుక్కుంటాడు. అంచున ఒక్క జత కూడా లేదంటేనే మూత వెయ్యాలి. ఒకసారి కాంట్రాక్టరు తొందరపెట్టాడు. "అందరూ వచ్చేశారు, వెయ్యండి మూత" అన్నాడు. వేసేశారు. అంచున ఒక జత ఉండిపోయింది.

"ఆడెవుడి మాటా నమ్మకు. సెప్పులు సూసి మూత వెయ్యాల" అన్నాడు మావయ్య. ఆ పోయినవాడి పేరు ఆటలో ఎవరికీ పెట్టలేదు. అడిగితే, "ఆణ్ణి మల్లీ దింపనే" అన్నాడు.

ఆటలో దెబ్బ తింటే, అంతకుముందు సేవ్ చేసి దాచుకున్న ఆట తెరిచి అక్కణ్ణుంచి మళ్ళీ ఆడటం తప్పా ఒప్పా అని ఆటగాళ్ళు తెగ కొట్టుకుంటారు. మరదలు ఒప్పంటుంది. మావయ్య ససేమిరా అనేవాడు. "కిందకి దిగినోడికి పాత సేవ్ ఉంటాదేటి?"

ఇదంతా వింటే నాలాంటి మనిషి చెయ్యి ఊరుకుంటుందా? రాసేశాను. సామ్రాజ్యాల ఆటల్లో పాకీపనివాడు ఎందుకు కనపడడు అని నిప్పులు చెరుగుతూ వ్యాసం. అందులో చెప్పులు, మూత, ఆయన ఆయాసం, అన్నీ పెట్టేశాను. మంచి పేరొచ్చింది. మావయ్యకి తెలుగు చదవడం అంతంతమాత్రం. ఎవరో చదివి వినిపించారు. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నాలుగో వారం నేనే వెళ్ళి నిలబడితే, తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "నన్నడక్కుండా గోతిలోకి దింపీసినావే. నువ్వు మాత్రం పైనే నిలబడ్డావు." కాసేపటికి కుర్చీ పక్కకి జరిపాడు. "రాయొద్దన్నేదు. అడగమన్నాను. కూకో, పేర్లు పిలు." ఆ రోజు నేను పేర్లు పిలిచాను, ఆయన వేలితో తెర మీద చూపించాడు.

పోయిన నెల ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాం. గుమ్మం బయటి చెప్పులైనా తొడగకుండా ఎత్తుకెళ్తుంటే, స్ట్రెచర్ మీంచి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆట ఆపీకు. రోజూ కొంచిం ఆడు. సెప్పులు సూసుకో." ప్రాణం మీదికొచ్చిన మనిషి అప్పగించిన పని అదొక్కటి. నాలుగు రోజులు సరిగ్గానే చేశాను. ఐదోనాడు, సోమవారం, ఒక చేత్తో ఫోన్‌లో ఎవరితోనో పోట్లాడుతూ రెండో చేత్తో బొత్తాం నొక్కాను. పేర్లు పిలవలేదు. అడవిలోంచి దోపిడీమూక దిగింది. రోడ్డు సగంలో ఉంది. గవరయ్య లేడు.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో ముక్కు మీద గొట్టం పక్కకి లాక్కుని అడిగాడు. "మనోల్లందరూ ఉన్నారా?"

"ఉన్నారు మావయ్యా. అందరూ వచ్చేశారు."

ఆయన నన్నొకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. ఎవరి మాట చెప్పానో మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి చెబుదామనుకున్నాను. రోగుల్ని చూసే వేళ అయిపోయిందన్నారు. సరే, రేపు చెప్పొచ్చు అనుకున్నాను. తెల్లారి బస్సులో ఫోనొచ్చింది.

కాంట్రాక్టర్ల మీద నేను రాసినన్ని వాక్యాలు ఎవరూ రాసి ఉండరు. వాటిల్లో ఒక్కటి కూడా ఇప్పుడు చదువుకోలేకపోతున్నాను.

పదోరోజు తంతుల మీద నాకు నమ్మకం లేదు. అయినా వెళ్ళాను. గుమ్మం బయట చెప్పుల గుట్ట. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే లేచి వెళ్తుంటే గుట్ట తరుగుతూ వచ్చింది. చివరికి మరదలు, దాదా, నేను, సంత్రాగాఛి నుంచి లోకల్ రైల్లో వచ్చిన గవరయ్య బాబాయ్ మిగిలాం. ఆయన కంప్యూటరు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఏటమ్మా, ఆటలో నానింకా ఉన్నానా? పదిహేను రోజులై ఫోన్ నేదు మరి."

మరదలు నా వైపు చూసింది. ఆమెకి తెలుసు, ఆట తెరిచి చూసింది. "పాత సేవ్ తెరిస్తే బాబాయ్ మళ్ళీ ఉంటాడు వదినా" అంది, నాకు మాత్రమే వినపడేలా. ఒక్క క్షణం ఒప్పుకుందామనిపించింది. చెయ్యి కూడా లేచింది.

"లేవు బాబాయ్" అన్నాను. "నేనే పోగొట్టాను. చూసుకోకుండా నొక్కేశాను."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మీ మావకి సెప్పినావా?"

"అందరూ ఉన్నారని చెప్పాను."

"ఊఁ." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆడు నమ్మి ఉండడమ్మా" అన్నాడు. "ఆడెప్పుడూ మాట నమ్మడు. సెప్పులే సూత్తాడు."

అది ఓదార్పో శిక్షో నాకీ రోజుకీ తెలీదు. ఇది రాసేముందు ఆయన్ని అడిగాను, రాయొచ్చా బాబాయ్ అని. "నా పేరెయ్యి. దింపినావు గదా, పేరుండాల" అన్నాడు. మావయ్యని అడగడానికి మాత్రం ఇంక వీల్లేదు.

ఆ రోజు బాబాయ్ గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. తన చెప్పులు తొడుక్కున్నాడు. పాత అలవాటు కాబోలు, వంగి మిగిలిన జతలు చూశాడు, లోపల మమ్మల్ని చూశాడు, మళ్ళీ జతలు చూశాడు. మెట్లు దిగిపోయాడు.

మరదలు తలుపు వెయ్యబోయి గడియ మీదే చెయ్యి ఆపేసింది. లోపల ముగ్గురం ఉన్నాం. బయట నాలుగు జతలు.