కళ్ళు లేని గొడుగు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్ళో ఒక్కసారిగా జనం పెరిగి, కట్టడాలు చాలక, ఆఫీసులు డేరాల్లో నడిచేవి. గాలి లేస్తే చాలు, గుమాస్తాలు కాగితాల వెంట పరుగెత్తేవారు. మా లైబ్రరీకి మాత్రం గట్టి గోడలు, మిద్దె ఉండేవి. నా బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తక్కిన చదువంతా ఆ గోడల మధ్యే సాగింది. తెలుగు బీరువాలు చదివేశాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువా తెరిచాను. ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి నేను ఎన్నడూ మొహమాటపడలేదు.

బొమ్మలు గీయడం నేర్పే పుస్తకం ఒకటి ఆ ఇంగ్లీషు బీరువాలోనే దొరికింది. అట్ట ఊడిపోయింది, ముందు పేజీలు కొన్ని లేవు. బొమ్మల కథల్లో నవ్వించే మనుషులుంటారే, వాళ్ళను కొత్తగా ఎలా పుట్టించాలో అందులో ఒక అధ్యాయం ఉంది. దాన్ని తెలుగులో రాసుకుని, పలక మీద గీసి, చెరిపి, మళ్ళీ గీసి సాధన చేశాను.

శనివారం మధ్యాహ్నాలు హైస్కూలు ఆడపిల్లలు లైబ్రరీకి వచ్చేవారు. మద్రాసు నుంచి వచ్చే పిల్లల పత్రిక కోసం పెనుగులాడి, అందులోని బొమ్మల కథ చదివేసి, ఆ తర్వాత వసారా ఎగిరిపోయేలా గోల చేసేవారు. ఒకనాడు లైబ్రేరియన్ నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నువ్వేదో బొమ్మలు గీస్తాండావు గదా. ఈ పిల్లలకు గూడా అదేదో చెప్పు తల్లీ. లేకుంటే నేను ఉజ్జోగం ఇడిసిపెట్టి పోతా" అన్నాడు. అలా నేను పంతులమ్మనయ్యాను.

మొదటి శనివారం ప్రెస్సులో పాడైన కాగితాలు తెచ్చి, తెల్లగా ఉన్న వైపు గీయమన్నాను. అందరూ పత్రికలోని బొమ్మలనే దించారు.

"ఇవి ఎవరి పిల్లలో. మీ పిల్లల్ని మీరు కనండి" అన్నాను.

పైటచెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చి బంధువుల ఇంట్లో ఉండి చదువుకునే పిల్ల ఒకతె ఉండేది. నోరు ఊరుకోదు. "పెండ్లి గాకముందే కనమంటాండావేమక్కా, మాయమ్మకు తెలిస్తే తంతాది" అంది.

మనిషి రూపం తర్వాత సంగతి, ముందు ఆ మనిషికి ఏం కావాలో తేల్చుకోండి అని చెప్పాను. అది పుస్తకంలో ఉన్న మాట. వారం తిరిగేసరికి ఆలూరు పిల్ల ఒక గుమాస్తాను పుట్టించింది. వాడికి ఈ లోకంలో కావలసిందల్లా కదలని కుర్చీ. డేరా ఎగిరితే కుర్చీని కావలించుకుని దాంతోపాటే ఎగిరేవాడు. ఇంకొకతె చీర కట్టిన బర్రెను గీసింది.

పుస్తకంలో మరొక మాట కూడా ఉంది. బొమ్మకు ప్రాణం కళ్ళల్లో ఉంటుంది, కళ్ళతోనే మొదలుపెట్టు అని. అది చెప్పినప్పుడు ఒక పిల్ల బొగ్గుముక్క కింద పెట్టేసింది.

ఆ పిల్లకు పద్నాలుగేళ్ళుంటాయి. మా లైబ్రరీ పుస్తకాలకు అట్టలు కట్టే ముసలాయన మనవరాలు. పూలూ తీగలూ నేర్చుకో, బట్టల మీద కుట్టుపనికి పనికొస్తాయని చెప్పి తాత పంపించాడు. వాళ్ళు సాయిబులు, తాతను దాదా అంటారు. వాళ్ళ ఇంటి పద్ధతిలో ప్రాణమున్న రూపాలు గీయరు.

నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "కండ్లు గీస్తే మా దాదా మాన్పిస్తాడక్కా. మల్ల నాకు శనివారం ఉండదు."

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. వారంలో ఆమెకు తనదంటూ ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. దానికేం చెప్పాలో నా పుస్తకంలో లేదు. ఏదో ఒకటి అనాలి గనక అన్నాను. "అయితే కళ్ళు లేనిదాన్నే గీయి. ప్రాణం ఎక్కడ పెట్టాలో నువ్వే చూసుకో."

మరుసటి శనివారం గొడుగును తెచ్చింది.

ముడిచిన నల్ల గొడుగు. వంకీ ఉన్న పిడి కిందికి, మొన పైకి. ఆ వంకీయే దాని పాదం. ఒక్క కాలి మీద నిలబడింది. ముఖం లేదు, చేతులు లేవు. ఏ అంగడిలోనైనా వేలాడే గొడుగే. అయినా అది తల ఎత్తుకుని నిలబడిందని చూడగానే తెలిసింది. దాని కోరిక ఏమిటని అడిగాను.

"వాన, అక్కా. వానకని కొన్నారు దాన్ని. ఈడ యాడ పడతాది? ఎండకు పట్టుకుంటారు, కుక్కల్ని తోలతారు, సద్దిమూట తగిలిస్తారు. అది మాత్రం వాన కోసమే చూస్తాంటాది."

"దుడ్లు దండగ" అంది ఆలూరు పిల్ల. కానీ కాగితం లాక్కుని మళ్ళీ మళ్ళీ చూసింది.

వారం వారం గొడుగుకు కొత్త కాగితాలు చేరాయి. కోపమొస్తే తిరగబడి ఊచలన్నీ పైకి లేచేవి. సిగ్గేస్తే బట్టను ఒంటికి గట్టిగా చుట్టుకునేది. పిల్లలు గలవాళ్ళ ఇంట్లో సగం తెరుచుకుని, పిల్లలకోడిలా నేలకు ఆనుకునేది. ఎక్కడో ఉరిమిందని విన్నప్పుడు దాని బట్ట అంచు ఒక్కటి, ఒకే ఒక్కటి, చెవిలా లేచింది.  ఇన్ని పుస్తకాలు చదివిన నేను ఒక గొడుగు వినడం అదే మొదటిసారి చూశాను.

బొమ్మను వెనక నుంచి గీసినా గుర్తుపట్టగలగాలి అని పుస్తకం పెట్టిన పరీక్ష ఒకటుంది. అది ఇచ్చినప్పుడు అందరూ ఆ పిల్ల మీద పడ్డారు.

"గొడుక్కి ముందేది మే, ఎనకేది?"

"అత్తారింటికి పోతాంటే ఏ పక్క నుంచి దండం పెడతాది?"

 ఆమె బొగ్గుతో నిలువుగా ఒక గీత, దానికి కొంచెం వదులైన బట్ట, కిందికి జారిన పట్టీ గీసింది. పాదం వంకీ అవతలి వైపు దాగిపోయింది. అంతే. గొడుగు మా వైపు వీపు పెట్టి, ఎవరూ పలకరించని మనిషిలా వెళ్ళిపోతోంది.  ఆలూరు పిల్ల మెల్లగా, "పిలువు మే దాన్ని, పాపం" అంది.

లైబ్రరీ వార్షికోత్సవానికి ఈ బొమ్మలన్నీ హాలు గోడకు అంటించమని సంఘం అధ్యక్షుడు చెప్పాడు. ఆ ఉదయం మైదా బంకతో అంటించాం. పెద్దలు రావడానికి ఇంకా గంట ఉంది. కొత్త అట్టలు కట్టిన పుస్తకాలు ఇవ్వడానికి అప్పుడే ముసలాయన గేటులోకి వచ్చాడు.

అప్పటివరకూ నేను ఆయన్ను పని చేస్తూ కూర్చుని ఉండగానే చూశాను, నడుస్తుండగా కాదు. నల్లటి పొడుగు కోటు, సన్నని ఒళ్ళు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ, నిటారుగా వచ్చాడు. నడుమ ఆగి, మబ్బుతునక లేని ఆకాశం వైపు గడ్డమెత్తి చూశాడు. మళ్ళీ నడిచాడు.

ఆలూరు పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, గొడుగు వస్తాండాది."

మనవరాలి వైపు చూశాను. ఆమె కూడా అదే చూస్తోంది. ముఖం పాలిపోయింది. "చూసి గీయలేదక్కా. చెయ్యి అట్ల పోయింది" అంది.

ఆయన పుస్తకాలు బల్ల మీద పెట్టి గోడ వెంట నడిచాడు. గుమాస్తాను, చీర కట్టిన బర్రెను దాటాడు. గొడుగు దగ్గర ఆగాడు.

"ఇది ఎవురు గీసింది?"

"నేనే దాదా."

"కండ్లు పెట్టలేదు."

"పెట్టలేదు దాదా. నీ మాట దాటలేదు."

ఒక్కో కాగితం దగ్గరా ముఖం ఆనించినట్టు చూశాడు. చివరి బొమ్మలో గొడుగు దూరమైపోతున్న చిన్న మబ్బు వైపు ఒరిగి ఉంది.

"ఈ మొయిలు యాడికి పోతాండాది?"

"కడపకు దాదా."

"కడపకా? పోయి ఆడ మాత్రం పడతాదా?"

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "అమ్మా, గోడకు రూపాలు తగిలించడం మా ఇంట్లో లేదు. పానం లేని గొడుగు గదా అనుకుంటి. కండ్లు లేవు గానీ, వీడు చూస్తాండాడు."

గొడుగును ఆయన 'అది' అనలేదు, 'వీడు' అన్నాడు. నేను నేర్పినదాన్ని ఎవరైనా అంతకంటే మెచ్చుకోగలరా? ఆ మెప్పుతోనే పిల్ల శనివారం పోయేటట్టుంది. 

పిల్లే నోరు తెరిచింది. "దాదా, మన ఇంట్లో జంఖానా మీద నెమళ్ళుండాయి గదా."

"ఉండాయి."

"వాటికి కండ్లుండాయి. అయినా పరుచుకుని కూచుంటాం. కాళ్ళ కింద ఉండాయి గాబట్టే గదా?"

 ముసలాయన గడ్డంలో నవ్వు కదిలింది. "చూసినావా అమ్మా, వకీలు పుట్టింది మా ఇంట్లో" అన్నాడు. తర్వాత, "కిందైతే సరే. గోడకు మాత్రం వద్దు. శనివారాలు పొద్దుగూకక ముందే పిల్లను ఇంటికి పంపించు" అన్నాడు.

నేను ఆ మాట అర్థం చేసుకునేలోపే ఆలూరు పిల్ల తన గుమాస్తాను గోడ నుంచి ఊడదీస్తోంది. "దిగప్పా దిగు, నీకొక్కనికే కుర్చీ ఎందుకు" అంటూ. ఎవరికీ చెప్పకుండానే అందరూ తమ తమ బొమ్మలు దించి, నల్లటి బండల నేల మీద వరుసగా పరిచారు. గాలికి లేవకుండా మూలల్లో గులకరాళ్ళు పెట్టారు.

అధ్యక్షుడు వచ్చి ఖాళీ గోడలు చూసి నివ్వెరపోయాడు. తర్వాత చెప్పులు విడిచాడు. ఆయన వెంట వచ్చిన పెద్దలూ విడిచారు. ఇస్త్రీ పంచెలు పైకి లాక్కుని ఒక్కొక్కరే గొంతుకూర్చున్నారు. పద్నాలుగేళ్ళ పిల్ల చేతి గీతల ముందు ఊరి పెద్దలందరూ తలలు వంచి కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. గోడ మీద ఉన్నప్పుడు పక్కకు చూసిన గొడుగు, నేల మీద పరిచాక, మా వంగిన తలలన్నీ దాటి తిన్నగా పైకి చూస్తోంది.