సారా కొట్టు మీద నీలి చుక్క

2018 కార్తీక మాసం నాటికి నేను రాయ్‌పూర్ పక్కన సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానికి పెద్దగా ఉన్నాను. ఇన్‌స్ట్రుమెంటేషన్ అంటే మీటర్ల పని. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కాల్చే పొడవాటి గొట్టాన్ని మేము కిల్న్ అంటాం. దాని లోపల వేడి ఎంత, గాలి ఎంత, పీడనం ఎంత అని చెప్పే పరికరాలన్నీ మా పూచీ. మీటరు అబద్ధం చెబితే దాన్ని నమ్మిన ఆపరేటరు తప్పు చేస్తాడు, చీవాట్లు మాకు పడతాయి. ఉద్యోగం పొడుగునా ఆ చీవాట్లు తిన్నాను కనుక, ఏ యంత్రం ఏం చెప్పినా ముందు నమ్మకపోవడం నాకు అలవాటైంది. మా ఆవిడ దీన్ని రోగం అనేది. దేవేంద్ర నగర్‌లో మా ఇంటి గోడ గడియారాన్ని కూడా నేను ఇంకో గడియారంతో పోల్చి చూస్తే గానీ ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఫోన్ల బాగోగులు మా విభాగానివి కావు. అయినా ఆ ఏడు ఒక ఫోను నా బల్ల మీదికి వచ్చింది.

మా కర్మాగారం ప్రహరీ చాలా పెద్దది. వెనక వైపు బూడిద చెరువు, అంటే కిల్న్ బూడిదను నీళ్ళతో కలిపి వదిలే గుంట, దాని అవతల ముళ్ళపొదలు. తుక్కు ఇనుము దొంగలు వచ్చేది అటునుంచే. సెక్యూరిటీ సూపర్‌వైజర్లు షిఫ్టులో ఇన్నిసార్లని గోడ చుట్టూ తిరిగి రావాలి. నిజంగా తిరుగుతున్నారో లేదో తెలియడానికి కంపెనీ ఒక్కొక్కరికి ఒక ఫోను ఇచ్చింది. ఫోను ఎక్కడుంటే కంట్రోల్ రూము తెర మీద అక్కడ ఒక నీలి చుక్క కనిపిస్తుంది. చుక్క ప్రహరీ దాటి బయట నిలబడితే, కంట్రోల్ రూములో ఉన్న సాహూ వాకీటాకీలో పిలిచి కారణం అడగాలి. వాకీటాకీ మాట ఒక్కడికే వినపడేది కాదు. గేటు మొదలుకొని కిల్న్ దాకా ఎవరి చేతిలో సెట్టు ఉంటే వాళ్ళందరూ వింటారు.

సూపర్‌వైజర్లలో అప్పలనాయుడు ఒకడు. వాళ్ళ నాన్న పలాస వైపు నుంచి రైల్వే గ్యాంగులో పనికి వచ్చి రాయ్‌పూర్‌లోనే స్థిరపడ్డాడు. నాయుడు రైల్వే కాలనీలో పుట్టి పెరిగాడు. హిందీలో లెక్కపెట్టుకుంటాడు, తెలుగులో తిడతాడు. ఆ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల కండువా యూనిఫారం మీద కప్పుకొనేవాడు, గేటు బయట చెప్పుల్లేకుండా నడిచేవాడు. గేటు లోపల బూట్లు తప్పవు కాబట్టి వాళ్ళ గురుస్వామి ఆ మేరకు అనుమతి ఇచ్చాడు. మాలలో ఉన్నవాణ్ణి పేరుపెట్టి పిలవకూడదు. స్వామీ అనాలి, అతనూ ఎదుటివాణ్ణి స్వామీ అనే అంటాడు. మా తెలుగువాళ్ళం అలాగే పిలిచేవాళ్ళం. మిగతావాళ్ళకు అతను నాయుడు భయ్యానే.

మాల వేసుకున్న కొద్ది రోజులకే అతని చుక్క దారి తప్పింది. హైవే అవతల ఒక సారా కొట్టు ఉంది. మా వైపు దాన్ని భట్టీ అంటారు. స్వామి బూడిద చెరువు దగ్గర ఉంటే చుక్క వెళ్ళి భట్టీ మీద కూర్చునేది. సాహూ నియమం ప్రకారం వాకీటాకీలో పిలిచేవాడు: “నాయుడు భయ్యా, ఫిర్ భట్టీ?” మళ్ళీ భట్టీ దగ్గరేనా అని. స్వామి చెరువు దగ్గరున్నానని చెప్పేవాడు. సెట్లున్న చోటల్లా నవ్వులు లేచేవి.

కొన్నాళ్ళు నవ్వులతో సరిపోయింది. ఆ తర్వాత అడ్మినిస్ట్రేషన్ మేనేజరు తివారీ గారు అతన్ని పిలిచి, సంజాయిషీ సరిగ్గా లేకపోతే సూపర్‌వైజరు పని తీసేసి గేటు దగ్గర లారీల మీద పెడతానన్నారు. అది అతను తట్టుకునేవాడే. కానీ మాట రైల్వే కాలనీ దాకా పాకింది. తాగితే దీక్ష భంగమైనట్టే. గురుస్వామి రిటైరైన లోకో పైలట్, నెమ్మదైన మనిషి. కోప్పడలేదు, కానీ ఈ సంగతి తేలేవరకు ఇరుముడి కట్టలేనన్నాడు. ఇరుముడి తలకెత్తుకుంటేనే శబరిమల యాత్ర. బృందం రైలెక్కడానికి వారం కూడా లేదు.

అప్పుడు స్వామి నా దగ్గరికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నానేటి సెప్పినా నవ్వుతన్నారు సామీ. మా ఇంటిది కూడా నిన్న నోరు వాసన సూసింది. ఉద్యోగం పోతే ఇంకోటి సూసుకుంటాను. ఇజ్జత్ పోతే ఏటి సూసుకోను?” అన్నాడు.

తాగలేదు కదా అని నేను అడగలేదు. అది నా పని కాదు. ఫోను ఇమ్మన్నాను.

మా వృత్తిలో మొదటి పద్ధతి, అనుమానం ఉన్న మీటరు పక్కన నమ్మకమైన మీటరు పెట్టి చూడడం. నా ఫోనూ అతని ఫోనూ పట్టుకుని ఇద్దరం బూడిద చెరువు గట్టు మీదికి వెళ్ళాం. పైన రేకుల షెడ్డు లేదు, చెట్టు లేదు, ఆకాశానికి అడ్డేమీ లేదు. ఫోనుకు తానెక్కడుందో తెలియాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందాలి. ఎన్ని అందుతున్నాయో గీతలుగా చూపే ఉచిత యాప్ రెండింట్లోనూ వేశాను. నా ఫోనులో గీతలు నిటారుగా లేచాయి. అతని ఫోనులో రెండు గీతలు లేచీ లేవనట్టు లేచి పడిపోయాయి. ఫోను ఆపి మళ్ళీ పెట్టాను, లొకేషన్ సెట్టింగు మార్చాను, పాత ఉపగ్రహ సమాచారం తుడిచి కొత్తది దింపాను. ప్రయోజనం లేదు.

భట్టీ సంగతి కూడా అక్కడే అర్థమైంది. ఉపగ్రహాలు అందనప్పుడు ఫోను ఊరుకోదు. గేటు, కిల్న్ వైపు ఆఫీసుల వైఫైని బట్టి చోటు పోల్చుకుంటుంది, చెరువు దగ్గర అదీ లేదు. దగ్గర్లో ఉన్న సెల్ టవరును పట్టుకుని, దాని చుట్టుపక్కలే ఎక్కడో ఉన్నానని ఒక ఉజ్జాయింపు చెబుతుంది. మాకు దగ్గర టవరు భట్టీ వెనకే ఉంది. తెర మీద మాత్రం ఉజ్జాయింపు చుక్కకూ ఖాయమైన చుక్కకూ రంగులో తేడా లేదు. తెలియదని ఒప్పుకోని మీటరు నాకు కొత్త కాదు. కిల్న్‌లో వేడి కొలిచే కడ్డీకి మసి అట్ట కడితే అది కూడా ఇంతే ధీమాగా తప్పు చెబుతుంది.

గదికి తిరిగి వచ్చి ఫోను వెనక మూత తీశాను. గోటితో ఊడివచ్చే మూతలున్న పాతరకం ఫోను అది. మూత లోపలి అంచున పల్చని రేకు అతికించి ఉంది. అదే జీపీఎస్ యాంటెన్నా. ఫోను పలక మీద ఉన్న రెండు చిన్న స్ప్రింగు ముళ్ళు ఆ రేకును తాకుతూ ఉండాలి. ఆ ముళ్ళ చుట్టూ నల్లటి పొడి చీమల బారులా పేరుకుని ఉంది. సిల్తారా గాలిలో ఎగిరే ఇనుప ధూళి అది. మా చొక్కాల మీద, అన్నం డబ్బాల మీద, ఊపిరితిత్తుల్లో కూడా ఉంటుంది. కానీ మిగతా సూపర్‌వైజర్ల ఫోన్లలో ఇంత ఎందుకు చేరలేదు?

బల్ల మీద పెట్టిన అతని ఫోను కవరు చూశాక తెలిసింది. పుస్తకంలా తెరుచుకునే కవరు, మాల వేసుకునే ముందు రోజు కొన్నాడు. దాని పైరెప్ప లోపలి వైపు అయ్యప్ప పటం అతికించుకున్నాడు. ఫోను తీసినప్పుడల్లా దర్శనం అవుతుంది, పటానికి దుమ్ము అంటదు. రెప్ప మూసుకోవడానికి అంచున చిన్న అయస్కాంతం ఉంది. గోడ చుట్టూ తిరిగేటప్పుడు అతను రెప్పను వెనక్కి మడిచి పట్టుకునేవాడు. అప్పుడు అయస్కాంతం సరిగ్గా యాంటెన్నా ముళ్ళ మీదికి వచ్చేది. ఇనుప ధూళిలో తిరిగే మనిషి చేతిలో అయస్కాంతం ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దుమ్ము నుంచి కాపాడాలని కొన్న కవరే దుమ్మును ఏరి తెచ్చి లోపల పోసింది.

నా చేయి కుంచె మీదికి వెళ్ళింది. పది నిమిషాల పని. అయినా ఆగాను.

మా పనిలో ఒక నియమం ఉంది. తప్పు చెబుతున్న మీటరు దొరికితే ముందు తుడవకూడదు, తిప్పకూడదు. దొరికిన స్థితిలో అది ఏం చెబుతుందో సాక్షుల ముందు చూపించాలి. దాన్ని యాజ్ ఫౌండ్ రీడింగు అంటాం, దొరికినప్పటి లెక్క. సరిచేశాక తీసేది ఇంకో లెక్క. మొదటిది లేకపోతే, ఇన్నాళ్ళూ ఏం జరిగిందో చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు. నేను మూత తిరిగి పెట్టేశాను.

స్వామికి నా మీద నిజంగానే కోపం వచ్చింది.

“రోగం తెలిసింది గదా సామీ, మందెయ్యడానికేటి? రైలు నీకోసం ఆగుద్దా?”

“ఇప్పుడు బాగుచేస్తే రేపటినుంచి మీ చుక్క బాగుంటుంది స్వామీ. మొన్నటి సంగతి ఎవరు నమ్ముతారు? దొరికిపోయాక బుద్ధి తెచ్చుకున్నాడంటారు,” అన్నాను.

అతను కవరు తీసుకుని పటాన్ని కండువాతో తుడుచుకున్నాడు. నాకు బాధగానే ఉంది, కానీ ఫోను సొరుగులో పెట్టి తాళం వేశాను.

మర్నాడు ఉదయం తివారీ గారి గదికి వెళ్ళి ఫోను తప్పు చెబుతోందని చెప్పాను. ఆయన సూటి మనిషి. ఇవాళ పాడై ఉన్నంత మాత్రాన అప్పుడూ పాడై ఉన్నట్టు కాదన్నారు. పైగా మీరిద్దరూ ఒకే వైపువాళ్ళు, ఒకే భాషవాళ్ళు, మీరు చూపించే పరీక్షను నేనెలా నమ్మాలన్నారు. నాకు చురుక్కుమంది. కానీ అది న్యాయమైన ప్రశ్నే. అయితే ఫోను మీరే పట్టుకుని గోడ చుట్టూ ఒక్కసారి తిరిగి రండి, నేను రాను, నాయుడూ రాడు, చుక్క మీతో పాటు నడిస్తే ఈ మాట మళ్ళీ ఎత్తను అన్నాను. ఆయనకు చక్కెర జబ్బు, డాక్టరు రోజూ నడవమన్నాడు. సరేనని లేచారు. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి, సోమవారాలు ఉపవాసం. ఆ రోజు సోమవారమే.

నేనూ స్వామీ గేటు క్యాబిన్‌లో కూర్చున్నాం. అక్కడ డ్యూటీలో ఉన్న గార్డు, బయట బిల్లుల కోసం నిలబడ్డ ఇద్దరు లారీ డ్రైవర్లు మమ్మల్ని చూస్తూనే ఉన్నారు. తివారీ గారు వాకీటాకీ నడుముకు పెట్టుకుని, ఫోను అరచేతిలో పట్టుకుని కిల్న్ వెనక్కి మలుపు తిరిగారు. కంట్రోల్ రూముకు మేమెవరం ఏమీ చెప్పలేదు.

ఆయన చెరువు గట్టు చేరి ఉంటారనుకునే సమయానికి బల్ల మీద సెట్టు గరగరమంది. సాహూ గొంతు, ఎప్పటిలాగే నవ్వు ఆపుకుంటూ, పొద్దుపొద్దున్నేనా అని.

“నాయుడు భయ్యా, ఫిర్ భట్టీ? సుబహ్ సుబహ్?”

కిల్న్ దగ్గర ఎవరో సెట్టులో మాట్లాడే మీట మీంచి వేలు తీయడం మరిచారు. నవ్వులు ఇక్కడిదాకా వినపడ్డాయి. స్వామి తల వంచుకున్నాడు. నవ్వు వస్తుందనుకున్నాను, అతనికి రాలేదు, నాకూ రాలేదు. తర్వాత తివారీ గారి గొంతు వచ్చింది.

“తివారీ మాట్లాడుతున్నాను. బూడిద చెరువు గట్టు మీద ఉన్నాను.”

ఇన్నాళ్ళూ స్వామి చెప్పిన మాటా అదే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన తిరిగి వచ్చాక, నా గదిలో ఆయన ఎదుటే ఫోను విప్పాను. బ్యాటరీ తీశాను. మెత్తని కుంచెతో పైపొడి దులిపి, మిగిలినదాన్ని అతుకు టేపు అద్ది అద్ది లేపాను. నోటితో ఊదితే తడి పడి తుప్పు పడుతుంది, అందుకే ఊదలేదు. ముళ్ళనూ మూతలోని రేకునూ పెన్సిలు రబ్బరుతో రుద్ది, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి ఆరనిచ్చాను. అణిగిపోయిన ముళ్ళను చెక్క పళ్ళపుల్లతో వెంట్రుకవాసి పైకి లేపాను. ఇనుప సూదితో లేపితే విరుగుతాయి. మూత వదులుగా ఉంది కాబట్టి రేకు వెనక ఇన్సులేషన్ టేపు ముక్క ఒక పొర వేశాను, ముళ్ళకు గట్టిగా ఆనేలా. కవరు సంగతి వచ్చేసరికి స్వామి వైపు చూశాను. పారేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతనే బ్లేడు తీసుకుని, పటానికి తగలకుండా అంచు చీల్చి, అయస్కాంతం బయటికి లాగి నా బల్ల ఇనుప కాలికి అంటించాడు. నేను రిటైరయ్యే రోజుకు కూడా అది అక్కడే ఉంది.

తివారీ గారు ఎవరూ అడగకుండానే ఫోను తీసుకుని రెండోసారి గోడ చుట్టూ తిరిగారు. నేను కంట్రోల్ రూములో నిలబడి చూశాను. చుక్క ఆయనతో పాటు నడిచింది. చెరువు దగ్గర ఆయన ఆయాసం తీర్చుకున్నంతసేపూ ఆగింది కూడా.

నేరుగా కంట్రోల్ రూముకే వచ్చి, పొద్దున భట్టీ మీద కనిపించిన చుక్కను చెరిపేయమని సాహూను అడిగారు. చెరపడానికి వీల్లేదని, ఒకసారి నమోదైతే అంతేనని సాహూ నసిగాడు. తివారీ గారు తెర మీది భట్టీని ఇంకోసారి చూశారు. తర్వాత వాకీటాకీ అందుకున్నారు. ఫోను చెడిపోయి ఉండిందని, నాయుడు ఇన్నాళ్ళూ డ్యూటీ మీదే ఉన్నాడని, ఇకపై ఈ విషయంలో ఎవరూ నవ్వకూడదని చెప్పారు. ఏ సెట్లలో నవ్వులు వినపడేవో ఆ సెట్లన్నిట్లో ఆ మాట వినపడింది. గేటు క్యాబిన్‌కు తిరిగి వెళ్ళిన స్వామి నుంచి జవాబుగా ఒకే మాట వచ్చింది, “స్వామి శరణం” అని. ఆ సాయంత్రం తివారీ గారే నన్ను అడిగి గురుస్వామి నంబరు తీసుకుని, హిందీలో మాట్లాడారు. స్వామికి ఇరుముడి కట్టారు. బృందంతో పాటే రైలెక్కాడు.

తిరిగి వచ్చాక ప్రసాదం తెచ్చాడు, మాల తీసేశాడు కనుక మళ్ళీ నాయుడయ్యాడు. ఫోను ఎలా ఉందని అడిగాను. “ఇప్పుడు టీ కోసం ఆగినా పట్టేత్తంది బావూ, కొంచెం పాడుసెయ్యవా,” అన్నాడు.

మూత తీసి దుమ్ము దులపడం ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోవచ్చు. నేను ఆ ఏడు నేర్చుకున్నది, అప్పటిదాకా కిల్న్ మీటర్లకే అనుకున్న నియమం మనుషులకు కూడా వర్తిస్తుందని. తుడిచాక మీటరు నిజమే చెబుతుంది. తుడవకముందు అది ఎవరి మీద అబద్ధం చెప్పిందో మాత్రం చెప్పదు. అందుకే తుడవకముందే నలుగురికీ చూపించాలి.