ఎడమ పక్క మెట్టు

1999వ సంవత్సరం దసరా పండుగ, మంగళవారం, పొద్దున తొమ్మిది గంటల పది నిమిషాలు. పూజకు తొమ్మిదిన్నర మంచిదన్నారు. నేను మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాను, అందుకే ఆ వేళ పక్కాగా గుర్తుంది. బాన్సువాడలో మా ఇంటి ముందర, కొత్త రంగు వేసిన పాత జీపు ఎక్కడానికి ఒక అక్క ఎడమ పక్కకు వచ్చింది. పైన కడ్డీ పట్టుకుని, కిందికి చూడకుండానే కాలెత్తి పెట్టింది. పెట్టిన చోట ఏమీ లేదు.

ఆమె పడలేదు. కడ్డీకి వేలాడినట్టు ఒక్క క్షణం ఆగి, కాలు మెల్లగా నేలకు దించింది. చూసినవాళ్ళకు ఇంతే. నాకు ఇంతే కాదు.

ఆ జీపు ఆమె భర్తది. పిట్లం దారిలో కిరాయికి నడిపేవాడు. జబ్బు చేసి పోయాడు. నడిపేవాళ్ళు లేక బండి రెండు వానాకాలాలు వాళ్ళ వాకిట్లోనే నానింది. నా పొలం బీర్కూర్ వైపు కాలువ కింద ఉంది. నాట్లప్పుడు ఆ బాట మోకాలి లోతు బురద. నాలుగు చక్రాలూ లాగే బండి అయితేనే అక్కడికి పోతుంది. అందుకే అడగడానికి వెళ్ళాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది. నేను వాకిట్లో నిలబడి మాట్లాడుతున్నా లేవలేదు. ఎంత పొగరు అనుకున్నాను.

"ధర నువ్వే చెప్పు తమ్మీ, నేను బేరమాడ. ఒక్క మాట మాత్రం ఇయ్యి. బండి నడిచిననాడు నన్ను ముంగట కూసోబెట్టుకోని నిజాంసాగర్ కట్ట మీదికి తీస్కపో. గేట్ల కాడ నీళ్ళు సూసొస్త."

"గంతేనా అక్కా?"

"గంతే. ఏడాదికి ఒక్కపారి మా ఆయన తీస్కపోయేటోడు. బస్సు మెట్లు నాతోని కావు. ఆయన పోయినంక నేను గీ గల్లీ దాటలే."

సరే అన్నాను. బస్సు మెట్లు ఎందుకు కావో అడగలేదు. నా కళ్ళు జీపు మీద ఉన్నాయి.

ట్రాక్టరుతో లాక్కొచ్చి కొట్టంలో పెట్టాను. బర్రెలను బయట కట్టేసినందుకు నా భార్య వారం రోజులు మాట్లాడలేదు. అడుగు రేకు తుప్పు తిని, కాలు పెడితే నేల కనిపించేది. నూనె డ్రమ్ము కోయించి ఆ రేకు అతికించాను. బ్రేకులు విప్పితే లోపల మట్టి గూడు కట్టింది. ముందు చక్రాలకు బలమిచ్చే చిన్న గేరు కర్ర బిగుసుకుపోయి ఉంటే, కిరసనాయిలు పోస్తూ, సుత్తితో మెల్లగా తడుతూ కదిలించాను. కింద కుదుపు ఆపే కమాను పట్టీలు ఒక్కొక్కటీ విప్పి, ఇనుప బ్రష్షుతో రుద్ది, గ్రీసు పెట్టి మళ్ళీ పేర్చాను. ట్రాక్టరు పని తెలిసినవాణ్ణే గాని జీపు పని అక్కడే నేర్చుకున్నాను. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను.

"ఆ కమాన్లకు వెట్టిన గ్రీసు నా నెత్తికి వెట్టినా జుట్టు పెరుగుతుండె," అనేది నా భార్య.

యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నంబరు పలక నేనే రాశాను. అక్షరాలు కొంచెం పెద్దవి అయ్యాయి, కానీ వంకర పోలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూడాలని నాకు ఉండేది. ఆ పిచ్చి అప్పటికే తలకెక్కింది.

ఎడమ పక్క, తలుపు కింద, జానెడు వెడల్పు ఇనుప పట్టీ ఒకటి కిందికి వేలాడుతూ ఉండేది. అదే మెట్టు. కుడి పక్కన అలాంటిది లేదు. నా బామ్మర్ది వచ్చినప్పుడల్లా నవ్వేవాడు.

"గిదేంది బావా, ఒంటి కొమ్ము బర్రె లెక్క? గింత రంగేసి గిది ఉంచుతవా?"

వెల్డింగ్ షాపు భాయి దగ్గర ఇనుప రంపం తెచ్చాను. నా భార్య గోనె సంచి అడ్డం పెట్టి ఆ పట్టీని పట్టుకుంది.

"ఒక్క దిక్కే వెట్టిండంటే ఎవలికోసమో వెట్టిండొచ్చు. అడుగరాదు?" అంది.

"నువ్వు గట్టిగ వట్టుకో. జీపు సంగతి నీకేం ఎరుక?" అన్నాను.

సగం రోజు పట్టింది. రెండు బ్లేడ్లు విరిగాయి. అంత గట్టిగా అతికించినవాణ్ణి తిట్టుకుంటూనే కోశాను. ఎందుకంత గట్టిగా అతికించాడని ఒక్కసారి ఆలోచించినా సరిపోయేది. మిగిలిన మొద్దును ఆకురాయితో అరగదీసి, పైన రంగు వేశాను. నున్నగా వచ్చింది. దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను.

దసరాకు ఆమెకు కబురు పెట్టాను. నడిచే వచ్చింది. ఆమె నడవగా చూడటం నాకు అదే మొదలు. ఒక కాలు చిన్ననాటి నుంచే సన్నబడిపోయింది. అడుగడుక్కీ ఒంటిని పక్కకు వాల్చి, గోడలు పట్టుకుంటూ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, చేతిలో కొబ్బరికాయ, కుంకుమ పొట్లం. అది చూసి కూడా నా బుర్రకు తట్టలేదు. ఆమె కాలెత్తినప్పుడే తట్టింది.

"మెట్టేది తమ్మీ?" అంది.

"తుప్పు వట్టి ఊడిపోయిందక్కా," అన్నాను.

అంత తొందరగా ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆమె వంగి, మెట్టు ఉన్న చోట చేత్తో రాసి చూసింది.

"గట్లనా. బండి ఊడినా గిది ఊడదనేటోడు మా ఆయన."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

నా బామ్మర్ది ముందుకు వచ్చాడు. "ఫికర్ జేయకక్కా, మేమిద్దరం వట్టుకోని జర లేపుతం."

"నేనేమన్న వడ్ల బస్తానా, లేపి ఏసెతందుకు?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నా భార్య ఉరికిపోయి పీట తెచ్చింది. ఆమె పీట మీద మంచి కాలు పెట్టింది, రెండో కాలుకు ఒంటిని పైకి నెట్టే బలం లేదు, పీట ఒరిగింది. దిగిపోయింది. బానెట్టు మీద కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ నా భార్య చేతిలో పెట్టింది.

"మీరు పోయి రాండ్రి. నీళ్ళు ఎట్లున్నయో చెప్పుండ్రి నాకు."

గోడలు పట్టుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది. నేను ఆపలేదు.

మేము మాత్రం వెళ్ళాం. అది కూడా రాయాలి కదా. పూజ అయిపోయాక కట్ట మీదికి వెళ్ళాం. గేట్లు ఎత్తి ఉన్నాయి. ముందు సీట్లో నా బామ్మర్ది కూర్చున్నాడు. ఎవరూ వద్దనలేదు. నేనూ అనలేదు.

వారం తిరక్కముందే భాయితో కొత్త మెట్టు అతికించాను. జీపు తీసుకెళ్ళి ఆమె గడప ముందు ఆపాను.

"ఎక్కక్కా. ఇప్పుడు మంచిగున్నది."

"వద్దు తమ్మీ. నలుగురి ముంగట కాలెత్తి కింద వెట్టిన. మల్ల ఎత్తబుద్ధి అయితలేదు."

అప్పుడు చెప్పాను. "అది ఊడిపోలే అక్కా. నేనే కోసిన."

"ఎర్కే. రంగు కింద ఆకురాయి గీతలు నా చేతికి తాకినయ్."

"మరి ఆడనే ఎందుకు అనకపోతివి?"

"పండుగ పూట నీ ఇంటి ముంగట నిన్ను అబద్ధాలోన్ని చేస్తనా?"

జీపు వెనక్కి తిప్పుకుని వచ్చాను. ఆ తర్వాత ప్రతి దసరాకు జీపు కడిగి ఆమె గడప ముందు ఆపేవాణ్ణి. ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పేది. వానపడేటట్టున్నది, పొయ్యి మీద కూరుంది, ఒంట్లో బాగలేదు. చివరిదొక్కటే నిజమైంది. ఆమె నీళ్ళు చూడకుండానే పోయింది. జీపు ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బాగానే నడిచింది. నేను బాగా చూసుకున్నాను దాన్ని.

నేను ఆ అబద్ధం ఆడినప్పుడు జీపు చుట్టూ ఉన్నవాళ్ళు: నేను కోస్తుంటే ఆ మెట్టును పట్టుకున్న నా భార్య, ఒంటి కొమ్ము బర్రె అన్న నా బామ్మర్ది, రంపం ఇచ్చి, ఆ రోజు ప్రసాదానికి వచ్చిన వెల్డింగ్ షాపు భాయి, సగం రోజు ఆ రంపం చప్పుడు విని తలనొప్పని తిట్టిన పక్కింటి అవ్వ, నేను, ఆ అక్క. అది అబద్ధమని తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు.