బాలక్క ఫోటో కోసం రెండు కెమెరాలతో గద్వాల దాకా

మా మరిది పదోరోజుకు వెళ్లినప్పుడే ఈ ప్రయాణం మొదలైందని చెప్పాలి. కుర్చీలో దండ వేసి పెట్టిన ఫోటోను చూసి, వచ్చినవాళ్లు ఒకరి చెవిలో ఒకరు "ఇదెవరు?" అని అడుగుతున్నారు. ఇంట్లో వేరే ఫోటో దొరకక ఆధార్ కార్డులో ఉన్నదాన్నే పెద్దది చేయించారట. మా మరిది నవ్వితే వీధి చివరిదాకా వినబడేది. ఆ ఫోటోలో మాత్రం గొర్రెలు తప్పిపోయి పోలీసు స్టేషన్లో కూర్చున్నవాడిలా ఉన్నాడు.

నాకు ఏడుపుకంటే ముందు దడ పట్టుకుంది. గద్వాలలో ఉండే మా అక్క బాలమ్మకు కూడా ఉన్నది ఆ ఒక్క ఆధార్ ఫోటోనే. అందులో ఆమె కళ్లు సగం మూసుకుని, నోరు సగం తెరుచుకుని ఉంది. మనం ఫోటో తీస్తామంటే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. మా ఇంటి పెళ్లిళ్ల ఆల్బమ్‌లన్నింటిలోనూ మా అక్క ఒక కొంగు, అంతే. ఆమెకు జలుబు చేసిందని తెలిసినా చాలు, నాకు ఆ కార్డు పెద్దదై గోడమీద కనబడుతుంది. అందుకే ఒక్క మంచి ఫోటో తీయాలని, దానికోసం నేనే ఒక కెమెరా కొనుక్కోవాలని అనుకున్నాను. ఫోన్ ఉంది కదా అంటారు. నా ఫోనుతో నేను తీస్తే నా వేలే పడుతుంది.

నేను చదివింది ఐదో తరగతి. అయినా చిన్న మిర్రర్‌లెస్ కొనాలా, దూరానివి దగ్గరగా చూపించే సూపర్ జూమ్ కొనాలా అని నాలాగే తికమకపడేవాళ్లు ఉంటారని రాస్తున్నాను. తప్పులు మా మనవరాలు దిద్దింది. ఇంకా ఏమైనా మిగిలితే అవి ఆమెవే.

పొద్దున ఏడు గంటలకు నాగర్‌కర్నూల్ బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాను. బిజినేపల్లి మీదుగా గంటన్నర అనుకోండి. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. కండక్టరమ్మ నా కార్డును కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"పెద్దమ్మా, గీ కార్డు నీదేనా?"

"నాదే బిడ్డా."

"ఫోటో నీ లెక్క లేదు గదా!"

"మరి ఎవరి లెక్కున్నది?"

"మా అత్త లెక్కున్నది," అని మూతి తిప్పుకుని టికెట్ చింపి ఇచ్చింది.

దించేస్తుందేమోనని బిజినేపల్లి దాకా భయపడ్డాను. అక్కడి నుంచి వనపర్తి దాకా ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో అని భయపడ్డాను.

వనపర్తిలో మా తమ్ముడి కొడుకు శీను పెళ్లి ఫోటోలు తీస్తాడు. అతని దగ్గర అమ్మకానికి రెండు వాడిన కెమెరాలు ఉన్నాయి. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే, అదే నాకు వచ్చిన చిక్కు. ఒకటి చవకైతే ఆలోచించే పని ఉండకపోయేది.

"చూడు అత్తమ్మా, గీ చిన్నది మిర్రర్‌లెస్. లోపట బొమ్మ పట్టే పలక పెద్దగుంటది. ఇంట్ల, నీడల గూడ మంచిగొస్తది. కానీ గీ లెన్సుతోని దూరంది దగ్గరికి రాదు, నువ్వే దగ్గరికి పోవాలె. గీ పెద్దది బ్రిడ్జ్ కెమెరా, సూపర్ జూమ్. గోపురం మీది పావురం కన్ను గూడ కనబడ్తది. వెలుతురు లేనికాడ మాత్రం జర మసక."

"ఏది మంచిదిరా?"

"నువ్వేం తీస్తవో చెప్పు, అప్పుడు చెప్త."

"మీ పెద్దత్తను."

శీను తల గోక్కున్నాడు. "అయితే దూరం నుంచి తీసేదే కొనుక్కో. దగ్గరికి పోతే తంతది."

చివరికి రెండూ తీసుకుపోయి చూడమన్నాడు, పొద్దుమూకేసరికి తెచ్చిస్తే చాలన్నాడు. ఒక్క తప్పు చేశాడు. చిన్నదాని లెన్సు ఊడదీసి చూపించి మళ్లీ బిగించాడు. ఊడుతుందని తెలిశాక నాకు మనసెట్లా కుదురుతుంది? బస్సు కుదుపులకు ఊడి కిటికీలోంచి పడిపోతే? అతను చాయ్ తేవడానికి వెళ్లగానే జాకెట్లు కుట్టే దారంతో లెన్సునూ దాని మూతనూ కెమెరాకు కలిపి గట్టిగా చుట్టి ముడులు వేశాను. కొత్త వస్తువు చేతికొస్తే బొట్టు పెట్టకుండా గడప దాటించే అలవాటు మా ఇంట్లో లేదు. సంచిలో కుంకుమ భరిణె ఎప్పుడూ ఉంటుంది. తడిచేసి చిన్నదాని నెత్తిన పెట్టాను. పెద్దదాని మూత ఎప్పుడో పోయిందట. దాని నుదురెక్కడో తెలియక, ఎదురుగా నిండుగా కనబడే గుండ్రటి అద్దం నడుమ పెట్టాను. చాలా కళగా కనబడింది.

వనపర్తి నుంచి గద్వాలకు రెండు దారులు. పెబ్బేరు మీదుగా పెద్ద రోడ్డున పోతే తొందరగా చేరతారు. ఆత్మకూరు మీదుగా పోతే బస్సులు తక్కువ కానీ జూరాల డ్యామ్ తగులుతుంది, చేపలు దొరుకుతాయి. జూమ్ పరీక్ష చేయవచ్చని నేను రెండో దారి పట్టాను. మధ్యాహ్నానికి డ్యామ్ దగ్గర దిగాను. నీళ్లలో మొసళ్లు ఉంటాయని విన్నాను కాబట్టి ఒడ్డుకు ఆమడ దూరంలో నిలబడ్డాను. సూపర్ జూమ్ ఉన్నది అందుకే కదా.

మీట జరిపితే లెన్సు గుర్రుమంటూ ముందుకు సాగింది. చేతిలోంచి వదిలేయబోయాను. అవతల ఎక్కడో గుండ్రటి పుట్టిలో చేపలు పట్టే మనిషి నా ముక్కుమీదికి వచ్చినట్టు కనబడ్డాడు. తీరిగ్గా వీపు గోక్కుంటున్నాడు. పరాయి మనిషిని అట్లా చూడటం తప్పనిపించి దండం పెట్టాను. ఆయనకేం తెలుసు పాపం. కొంగలను తీశాను, గేట్లను తీశాను. చేపలు వేయించే ఆమె పెనం వదిలి వచ్చి కెమెరా తెరలోకి తొంగి చూసింది.

"ఏందవ్వా, కృష్ణ నీళ్లు గింత ఎర్రగున్నయి? వరదొచ్చిందా?"

"ఎండకేమోనమ్మా."

"మరి కొంగలు గూడ ఎర్రగైనయి గదా?"

నేను చేప అందుకుని తిన్నాను. కరకరలాడుతూ బాగుంది. ధర ముందే అడిగి కూర్చోండి, ముల్లు చూసుకుని తినండి. నేను ముల్లు భయంతో నములుతూ కూర్చుంటే ఒక బస్సు వెళ్లిపోయింది.

తర్వాతి బస్సులో గద్వాల చేరి ఆటో ఎక్కాను. కోట దిక్కు వెళ్లే షేర్ ఆటోలు బస్టాండు బయటే ఉంటాయి. డ్రైవరు నా ఒళ్లో సంచిని అద్దంలో చూస్తున్నాడు.

"ఏంది పెద్దమ్మా, బాంబు లెక్క పట్టుకున్నవ్?"

"కెమెరాలు బిడ్డా. గుంతలల్ల జర మెల్లగ పో."

"గుంతలు లేని జాగ చూపియ్యి, గాడ జోరుగ పోత."

మా అక్క వాళ్లది చీరల మగ్గం ఇల్లు. ఆమె పందిరి కింద రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది, అంటే మగ్గం మీద అడ్డంగా నడిచే దారాన్ని చిన్న గొట్టాలకు ఎక్కిస్తుంది. ఆ పనిలో పడితే తల ఎత్తదు. నేను వెనక సందులోంచి ఎదురింటి రుక్కమ్మ మిద్దె ఎక్కాను. సంగతి చెబితే రుక్కమ్మ కూడా వెంట వచ్చి కూర్చుంది.

జూమ్ లాగాను. అక్క ముఖం నిండుగా వచ్చింది. వచ్చింది కానీ ఎర్రటి పొగమంచులోంచి చూస్తున్నట్టుంది. ఒకటి తీశాను, ఇంకొకటి తీశాను. అక్కకు ముక్కు లేదు, కళ్లు లేవు, అంతా ఎరుపే. నా కళ్లకే ఏదో అయిందని కళ్లు నులుముకున్నాను. రుక్కమ్మ ముందుకు వంగి చూసింది.

"గా అద్దానికి బొట్టెవరు పెట్టిండ్రే?"

"నేనే."

"కన్నుకు పెడ్తరా బొట్టు?" అని రుక్కమ్మ కడుపు పట్టుకుని నవ్వసాగింది. నేను కంగారుగా కొంగుతో తుడిచాను. నడుమ ఉన్న బొట్టు అద్దమంతా పరుచుకుంది. ఆ నవ్వుకు కింద రాట్నం ఆగింది.

"ఏమే చెల్లె! కోతి లెక్క మంది మిద్దెలు ఎక్కుతున్నవేందే? దిగు! కాలిరిగితే మల్ల నువ్వే ఏడుస్తవ్."

దిగాను. ఎండ తగ్గలేదని అక్క నన్ను మగ్గం ఉన్న గదిలోకి తీసుకుపోయి నీళ్లిచ్చింది. చిన్న కిటికీ ఒక్కటే వెలుతురు. రెండు కెమెరాలూ ముందు పెట్టించుకుని చూసింది. చిన్నదాని దారం చూసి, "గిది ముడా, శాపమా?" అని పళ్లతో పట్టి కొరికి, మూత తీసి పక్కన పెట్టింది. పుట్టినప్పటి నుంచి దారాలతో బతికిన మనిషి.

"ఇప్పుడు చెప్పు. ఫోటో ఎందుకే నీకు?"

వేరే ఏదో చెబుదామనుకున్నాను. మరిది పేరు ఎత్తగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గదే!" అంది అక్క. "అడిగినప్పుడల్ల కండ్లల్ల నీళ్లు. బతికున్నదాన్ని ఫోటో అడుగుతున్నవో, గోడకు మేకు కొడుతున్నవో తెల్వదు. పెండ్లిళ్లల్ల మనోళ్లు గూడ గంతే, 'పెద్దమ్మది ఒకటి తీసి పెట్టుండ్రి, రేపేమైతదో' అనుకుంట. నేను కొంగు అడ్డం పెట్టేది కెమెరాకు గాదే, మీ ఏడుపు మొకాలకు."

"మరి ఆధార్ ఫోటో అట్లొచ్చిందని కాదా?"

"గది అందరికి గట్లనే వస్తది. ఏడ్వకుంట అడుగు, తీసుకో."

అడిగాను. "అక్కా, ఒక్క ఫోటో..." అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఊహూఁ అంది. కిటికీ వైపు చూస్తూ అడిగాను. ముక్కు చీదాను. మళ్లీ ఊహూఁ అంది. నాకు చేతకాదని తెలిసిపోయింది. ఆ ఫోటో ఈ జన్మకు లేదనుకుని చిన్న కెమెరాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"నీ ఆధార్ల ఎట్లున్నవే? చూపియ్యి," అంది అక్క.

ఇచ్చాను. అక్క కార్డును దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. పెదవులు బిగబట్టింది. ఆగలేకపోయింది. "గీమె ఎవరే? మన పెండ్లిళ్లకు పిలవకున్నా వచ్చే ముసల్ది లెక్కున్నది!" అని మగ్గం కర్రకు చేయి ఆనించి, తల వెనక్కి వాల్చి, ఊడిన పన్ను కనబడేటట్టు నవ్వింది.

నాకు ఏడుపు గుర్తుకు రాలేదు. చిన్న కెమెరా ఎత్తి నొక్కాను.

ఆ మసక గదిలో కూడా ఫోటో ఎంత తేటగా వచ్చిందంటే, ఆమె వేళ్లకు అంటిన పట్టు పోగులు కూడా లెక్కపెట్టవచ్చు. అక్క చాలాసేపు చూసుకుని, "బాగనే ఉన్న," అంది. తర్వాత కెమెరా లాక్కుంది.

"ఇటియ్యి. నీ కోసం గూడ ఎవరో ఒకరు పరేషాన్ గావాలె గదా. నవ్వు."

"వస్తలేదక్కా. బస్సు పోతదేమో."

నొక్కింది. ఆ ఫోటోలో నేను గోడ గడియారం వైపు చూస్తున్నాను. అయినా ఆధార్ కంటే నయం.

పెబ్బేరు దారిలో తిరిగి వచ్చి, పొద్దుమూకకముందే వనపర్తిలో దిగాను. శీను పెద్దదాని అద్దం తుడిచి, గుడ్డకు అంటిన ఎరుపును నాకు చూపించాడు. నేను చిన్నదే కొన్నాను. జూరాల కొంగల కోసం, నల్లమల అడవి కోసం వెళ్లేవాళ్లు నా మాట వినకుండా సూపర్ జూమ్ తీసుకోండి, దాని పని అది బాగా చేస్తుంది. కానీ నేను బొట్టు పెట్టకపోయినా, అంత దూరం నుంచి మా అక్క ముఖం దొరికేదే తప్ప ఆమె మాట దొరికేది కాదు. మిద్దె దిగి పక్కన కూర్చుంటే కదా ఇన్నేళ్లూ నా ముఖమే అడ్డంగా ఉందని తెలిసింది. ఫోటో కడిగించి, ఫ్రేము కట్టించి గద్వాలకు పంపాను. నాలుగు రోజులకు అక్క ఫోన్ చేసింది: "గోడకు పెట్టుకున్న. మేకు నేనే కొట్టిన, నువ్వింక దాని గురించి రంది పెట్టుకోకు."

కొత్త కెమెరా కొన్నవాళ్లకు ఒక్క మాట: బొట్టు పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ మెడలో వేసుకునే పట్టీకి పెట్టండి.