నాలుగో వీధి వాన, రెండో వీధి వరద

వెల్డా కెంపర్ గురించి మా ఊరు లారెల్ ఫెర్రీలో రెండు రకాలుగా మాట్లాడతారు. ప్రాణానికి తెగించి ఒక చిత్రాన్ని కాపాడిందని కొందరు, మొండితనంతో దాన్ని ముంచబోయిందని కొందరు. రెండూ నిజమే. ఒకటి ఒప్పుకున్నవాళ్ళు రెండోదాన్ని ఎందుకు కాదనాలో మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆవిరి పడవలు తిప్పి సంపాదించిన జోసయా టర్పిన్ పోతూ పోతూ తన ఇంటి గోడలకున్న రంగుల బొమ్మలన్నీ ఊరి లైబ్రరీకి రాసిచ్చాడు. చాలావరకు మన చుట్టుపక్కల చూసేవే. ఒహాయో నది వంపు తిరిగే చోటు, పొగమంచులో సున్నపురాయి కొండలు, వాగులో దిగిన ఆవులు, కోత అయిపోయిన మొక్కజొన్న చేలు. పట్నం బొమ్మలు నాలుగైదు. ఒక్కటే షరతు: ఏ బొమ్మా ఊరి పొలిమేర దాటకూడదు. దాటిందా, మొత్తం సేకరణ ఆయన మేనల్లుడి సంతానానికి పోతుంది. దీన్ని ఊరిమీద ప్రేమ అని పిల్లలకు చెబుతాం. నది పక్కన ఊరిని పెట్టుకుని, నది మీదే బతికి, ఇలాంటి షరతు రాసినవాడిని ఇంకేమైనా అనొచ్చు. కానీ లైబ్రరీ గోడ మీద ఆయన బొమ్మ కూడా ఉంది కాబట్టి అనం.

లైబ్రరీ మూడో వీధిలో ఉంది. నది పొంగితే మూడో వీధికీ రావచ్చు. అందుకని మా తాతల కాలంలోనే ఒక ఏర్పాటు జరిగింది. రేవు దగ్గర పడవలు కట్టే ఇనప కడియాన్ని నీళ్ళు తాకగానే లైబ్రరీ గంట కొడతారు. ఊరంతా మెట్ల ముందు చేరుతుంది. లైబ్రేరియన్ పై మెట్టు మీద నిలబడి బొమ్మ పేరు, దాని వెంట ఒక ఇంటిపేరు పిలుస్తుంది. ఆ కుటుంబం నుంచి ఒకరు “ఉన్నాం!” అని పలకాలి. బొమ్మ చేతికిస్తారు. వరద తీసేదాకా అది కొండ మీద వాళ్ళింట్లో ఉంటుంది. ‘వాగులో ఆవులు’ మా ఇంటికి వచ్చేది. మా నాన్న వాటికి మేత వేయడం ఒక్కటే తక్కువ.

మొదట్లో బొమ్మ ఇచ్చింది ఇల్లు ఎత్తున ఉందని. యాభై ఏళ్ళు తిరిగేసరికి ఆ ఇంటివాళ్ళు గొప్పవాళ్ళు కాబట్టి ఇచ్చారని అందరం నమ్మేశాం. ఎత్తు సంగతి ఎవరికీ గుర్తులేదు.

కెంపర్లకు వచ్చేది ‘నాలుగో వీధిలో వాన’. సిన్సినాటి నగరంలో సాయంత్రపు జల్లు, తడిసి మెరిసే రాళ్ళ బాట, వరసగా దుకాణాల దీపాలు. ముందు భాగంలో ఒక పిల్ల వెనక్కి తిరగబడిన గొడుగు పట్టుకుని, కదలబోతున్న ట్రాము బండి కోసం పరిగెడుతుంటుంది.

వెల్డా కెంపర్ల ఇంట పుట్టలేదు. నది ఒడ్డున గుండీల కార్ఖానాలో ఆల్చిప్పలు కోసేవాడి కూతురు. రాస్కో కెంపర్ చేసుకున్నాడు గనక కొండ మీది హై స్ట్రీట్ ఎక్కింది. పెళ్ళయిన మరుసటి జనవరిలోనే పంతొమ్మిది వందల ముప్ఫై ఏడు వరద. కొండ మీద ఇళ్ళన్నీ కింది జనంతో నిండిపోయాయి. కూతురి అత్తవారింట్లో వాళ్ళమ్మ అడుగుపెట్టింది ఆ వరద పుణ్యాన్నే. హాల్లో అందరూ నేల మీదే పడుకున్నారు, తలల మీద ‘నాలుగో వీధిలో వాన’.

“ఇంతకీ ఆ పిల్లకి బండి అందుతుందంటావా?” అని అడిగిందట వాళ్ళమ్మ.

“పరిగెడుతోందిగా,” అందట వెల్డా.

ఆ తర్వాత ప్రతి వరదకీ మెట్ల ముందు “ఉన్నాం!” అన్నది వెల్డానే. రాస్కో గొంతు పెద్దది కాదు. బడి వంటగదిలో వడ్డించే ఉద్యోగం వెల్డాది. ఏడాది పొడుగునా తెల్ల టోపీ పెట్టుకుని గరిటెతో నిలబడే మనిషి, ఆ కాసిన్ని రోజులు మాత్రం ఊరికి కెంపర్ల కోడలు.

రాస్కో పోయాక ఇల్లు అమ్మేసింది. ఎవాన్స్‌విల్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు డిల్లర్డ్ కొన్నాడు. రెండో వీధిలో, ఇనప సామాన్ల కొట్టు పైన రెండు గదుల్లోకి మారింది వెల్డా. దొంగచాటుగా మారలేదు. సగం ఊరు సామాన్లు మోసింది. ఆమె ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు. నది ఎక్కడుందో కూడా తెలుసు. ఈ రెంటినీ కలిపి ఆలోచించినవాడు లేడు, వెల్డా తప్ప. వెల్డా ఆలోచించింది, నోరు మెదపలేదు.

అరవై నాలుగు మార్చిలో గంట మోగింది. అప్పటికి నది ఒడ్డునున్న మొదటి వీధి అంచు మాత్రమే తడిసింది. లైబ్రేరియన్ మిస్ లూమిస్ మెట్ల మీద నిలబడి గొంతు సవరించుకుంది.

“నాలుగో వీధిలో వాన! కెంపర్!”

“ఉన్నాం!”

బొగ్గు డిపోలో పనిచేసే బడ్ ఓవర్టన్ బొమ్మను వీపుకెత్తుకున్నాడు. మనిషంత వెడల్పు, బంగారు పూత ఫ్రేముతో అది మామూలు బరువు కాదు. మిగతా బొమ్మలన్నీ ఎడమవైపు తిరిగి కొండ ఎక్కుతున్నాయి. ఇదొక్కటే కుడివైపు తిరిగి నది వైపు దిగుతోంది. మేమంతా చూశాం. కొందరు చేతులు కూడా ఊపారు.

“కిందికేనా, మిసెస్ కెంపర్?” అన్నాడు బడ్.

“మా ఇల్లెక్కడో తెలీదా నీకు?”

“తెలుసండీ. నీళ్ళెక్కడున్నాయో కూడా కనబడుతోంది.”

“రెండో వీధికి నీళ్ళొచ్చింది ముప్ఫై ఏడులో. అలాంటివి రోజూ వస్తాయా? నడవరా. బడిలో నీకు రెండుసార్లు బంగాళదుంపలు వేసిన చెయ్యి ఇది, మర్చిపోకు.”

“ఒకసారే వేసేవారు. రెండోసారి అడిగితే గరిటె చూపించేవారు.”

బీరువా జరిపి, మంచానికి ఎదురుగా గోడకి ఆనించారు. బడ్ వెళ్ళిపోయాక తలుపు వేసుకుంది. పక్కవీధి ఆడవాళ్ళు ఒకరిద్దరు చూడ్డానికి వచ్చారు, ఎప్పుడూ హై స్ట్రీట్‌కి వచ్చినట్టే. కాఫీ ఇచ్చింది. “ఇక్కడ వెలుతురు బాగా పడుతోంది,” అని ఒకావిడ అంటే నిజంగానే సంతోషపడింది.

ఆ తర్వాత ఎగువన రెండు రోజులు వాన ఆగలేదు. నది ఇంకా ఎంత పెరుగుతుందో రేడియోలో చెప్పిన లెక్క పొద్దుటికి మారిపోయింది. రెండో వీధి ఖాళీ చేయమన్నారు. బడ్ ట్రక్కు వేసుకొచ్చి కొట్టు ముందు ఆపాడు. టైర్లు సగం నీళ్ళలో ఉన్నాయి. కింద నుంచే అరిచాడు.

“బొమ్మ దించేద్దాం రండి! మిస్టర్ క్రూ వాళ్ళింట్లో పెట్టొస్తాను!”

ఆల్బర్ట్ క్రూ అంటే బ్యాంకు యజమాని, లైబ్రరీ సంఘానికి పెద్ద. వెల్డా కిటికీలోంచి తల బయటపెట్టింది.

“క్రూ వాళ్ళ బొమ్మ క్రూ వాళ్ళకుంది. ఇది కెంపర్లది.”

“ఇప్పుడు అదా ముఖ్యం?”

“ఇప్పుడిస్తే మళ్ళీ నన్ను పిలవరు, బడ్. కింద ఉండే మనిషికి ఎందుకిచ్చారని ఒకడికి గుర్తొస్తే చాలు.”

“పోనీ మీరైనా రండి.”

“నేనొస్తే ఇదిక్కడ ఒక్కతీ ఉంటుందా?”

బడ్ తిట్టుకుంటూ ట్రక్కు వెనక్కి తిప్పాడు. ఆ ట్రక్కు వీధి దాటుతుండగానే వెల్డాకి తను తప్పు చేసిందని తెలిసిందట. ఈ మాట ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. “తెలిసింది. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. పిలవలేదు,” అనేది.

మధ్యాహ్నానికి కొట్టు తలుపులు విరిగిపడ్డాయి. మేకుల పెట్టెలు, పారలు, రంగు డబ్బాలు నీళ్ళలో తిరుగుతూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు నేల బల్లల కిందనుంచి వినిపిస్తోంది. కాసేపటికి వాసన వచ్చింది. కిరసనాయిలు. పీపాలు బోర్లా పడ్డాయన్నమాట. నీళ్ళ మీద అది తేలుతూ మెట్లెక్కి వస్తోంది. వెల్డా పొయ్యి ఆర్పేసింది. దీపం ముట్టుకోలేదు. మెట్ల తలుపు తీసి చూసేసరికి ఇంద్రధనుస్సు రంగులతో నల్లటి నీళ్ళు సగం మెట్లు మింగేసి ఉన్నాయి.

సహాయక పడవ ఒకటి వచ్చింది. అందులో పరాయి ఊరివాళ్ళిద్దరు, ముందే ఎక్కిన ముసలి జంట.

“దిగండి అమ్మగారూ! ఒక్కరికి చోటుంది!”

“ఒక బొమ్మ కూడా ఉంది.”

“బొమ్మా?” అతను పక్కవాడి మొహం చూశాడు. “మనుషులకే చోటు లేదిక్కడ. దిగుతారా లేదా?”

“మీరు పొండి.”

“పిచ్చిదానిలా ఉంది,” అన్నాడు వాడు, వినపడేలాగే. పడవ మలుపు తిరిగిపోయింది.

ఇటుక గోడ ఒకచోట నీళ్ళ పోటుకి టపటపమని రాలింది. నేల కొద్దిగా ఒరిగినట్టనిపించింది. బొమ్మని గోడ దగ్గర్నుంచి లాగి మంచం మీదికి చేర్చింది. గొడుగు పిల్ల తలకిందులుగా పరిగెడుతోంది. మళ్ళీ సరిచేసింది, ఆ తొందరలోనూ.

బడ్ వచ్చింది అప్పుడు. చేపలు పట్టే బల్లపరుపు పడవ. కొట్టు పందిరి గుంజకి కొక్కెం వేసి కిటికీ కింద నిలిపాడు. పడవ ఊగుతోంది, గుంజ కూడా ఊగుతోంది.

“తెండి!”

వెల్డా బొమ్మను కిటికీకి అడ్డంగా పెట్టింది. పట్టలేదు. నిలువుగా తిప్పింది. ఫ్రేము ఒక మూల తన్నింది.

“మెట్ల దారినే కదరా పైకి తెచ్చావు!”

“ఆ మెట్లు ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి! ఫ్రేము ఊడదీయండి!”

“ఇది టర్పిన్ చేయించిన ఫ్రేము!”

“టర్పిన్ పోయి డెబ్బై ఏళ్ళయింది! ఈ గుంజ ఇప్పుడు పోతుంది!”

బొమ్మని మంచం మీద బోర్లా వేసి, బడి వంటగది నుంచి తెచ్చుకున్న గరిటె కాడ వెనక మేకుల కిందికి దూర్చింది. ఒకటి వంగింది. ఒకటి విరిగింది. మూడోదానికి వేలు చీరుకుంది. కింద బడ్ కేకలు పెడుతూనే ఉన్నాడు. మిగతా మేకులు రాలేదు. ఫ్రేము మూలని మంచం కోడుకేసి కొట్టింది. బంగారు పూత పెచ్చులుగా ఊడి దుప్పటంతా పడింది. రెండో దెబ్బకి చట్రం విడిపోయింది. అంతలావు బొమ్మ ఒక్కసారిగా పిండి జల్లెడంత తేలికయిందట చేతిలో.

భోజనాల బల్ల మీది మైనపు గుడ్డ లాగి చుట్టింది, చెర్రీపళ్ళ బొమ్మలున్న గుడ్డ. కిటికీలోంచి ఏటవాలుగా బయటికి తోసింది. కింద బడ్ పట్టుకోగానే గాలి అందుకుంది. పడవ తెరచాపలా అది బడ్‌ని అటు లాగేసింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. చిత్రం కింది అంచు నీళ్ళలో మునిగింది.

“వదలకు! వదిలితే నీ మొహం చూడను!”

“చూడ్డానికి నేనుంటే కదా!” అని అరిచాడు బడ్, మోకాళ్ళ మీద పడి దాన్ని గుండెకి అదుముకుంటూ.

తర్వాత ఆవిడ దిగింది. దిగిందనడం కంటే పడిందనాలి. పడవ నాలుగు బారలు వెళ్ళిందో లేదో వెనక పందిరి గుంజ విరిగి కొట్టుకుపోయింది. ఇద్దరూ వెనక్కి చూడలేదు. వెల్డా రెండు చేతులా బొమ్మని తల మీద పట్టుకుని కూర్చుంది, మూడో వీధి చివర పొడి నేల తగిలేదాకా.

“ఎక్కడికి? క్రూ గారింటికేనా?” అన్నాడు బడ్, తెడ్డు వదిలి చేతులు దులుపుకుంటూ.

“హై స్ట్రీట్.”

తను ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన ఇంటి తలుపు తట్టింది. మిసెస్ డిల్లర్డ్ తీసి, తడిసిపోయిన ఇద్దర్నీ, చెర్రీపళ్ళ గుడ్డనీ చూసి బిత్తరపోయింది.

“ఏమిటిది? ఇది... మాదా?”

“మీది కాదు. ఇంటిది. ఆ హాల్లో పొయ్యికి దూరంగా పెట్టండి, మేకు ఉంటుంది చూడండి,” అంది వెల్డా.

ఏప్రిల్లో బొమ్మలు తిరిగి చేర్చే రోజు ముందు లైబ్రరీ సంఘం కూర్చుంది. వరదలో నేర్చుకున్నదేమీ లేదని అక్కడ తెలిసిపోయింది. వడ్డనలావిడకి బొమ్మ ఇస్తే ఇంతేనని గొణిగినవాళ్ళున్నారు. మిస్టర్ క్రూ ఉదారంగా, “కెంపర్ల పేరుకి మచ్చ రాకూడదు. మొదట్నుంచీ హై స్ట్రీట్‌లోనే ఉందనుకుందాం,” అన్నాడు. గౌరవం మాటలు మాట్లాడేవాళ్ళకి అబద్ధం ఎంత దగ్గర్లో ఉంటుందో ఎప్పుడూ చూస్తూనే ఉన్నాం.

మెట్ల ముందు ఊరంతా చేరింది. తెచ్చేటప్పుడూ పేర్లు పిలవడం ఆచారం. మిస్ లూమిస్ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. కిందికి దిగిపోతున్న బొమ్మని ఆ మెట్ల మీంచి అందరికంటే బాగా చూసింది ఆవిడే.

“నాలుగో వీధిలో వాన,” అంది. తర్వాత వెల్డా వైపు చూసింది. క్రూ దగ్గాడు. “కెంపర్.”

వెల్డా ముందుకొచ్చింది. చేతిలో ఫ్రేము లేని బొమ్మ. కింది అంచున తడిసిన చోట రంగు ఉబ్బి, పిల్ల పరిగెత్తే రాళ్ళ మీద తెల్లటి చార.

“ఉన్నాం,” అంది. “కానీ మేముండేది రెండో వీధిలో. నీళ్ళొచ్చాయి. ముందే తీసుకెళ్తానన్నవాడిని నేనే పంపేశాను. ఫ్రేము పగలగొట్టింది నేను, ఈ చార నావల్లే. నా పేరు తీసేయండి.”

వద్దని అంటారేమో అని నేను అటూ ఇటూ చూశాను. ఒక్కరూ అనలేదు. మిస్ లూమిస్ మెట్లు దిగొచ్చి తన చేతులతోనే బొమ్మ అందుకుంది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ప్రతి పేరుకీ కొత్త ప్రశ్న ఒకటి జోడించింది: “ఇల్లెక్కడ?” ఆ రోజు ఇంకో రెండు బొమ్మలు కొండ ఎక్కి, అవతలివైపు లైబ్రరీ కంటే పల్లంలోకి దిగాయని బయటపడింది. ఒకటి మిస్టర్ క్రూ కొత్తగా గోల్ఫ్ మైదానం పక్కన కట్టుకున్న ఇంటికి. నీళ్ళు ఆయన కంచె దగ్గర ఆగాయి, అంతే తేడా. ఆయన పేరు కూడా తీసేశారు. ఆయన మాత్రం తనంతట తనే తప్పుకున్నానని చెప్పుకుంటాడు.

ఫ్రేము మళ్ళీ చేయించారు, పూత లేని మామూలు కర్రతో. చార పూర్తిగా పోలేదు.

మూడేళ్ళకి మళ్ళీ గంట మోగింది. సన్నగా వాన పడుతోంది. మిస్ లూమిస్ పిలిచింది: “నాలుగో వీధిలో వాన! డిల్లర్డ్!”

మిసెస్ డిల్లర్డ్ ముందు వరసలోనే, గొడుగు కింద, ఇంకెవరినో పిలిచారేమోనన్నట్టు పక్కకి చూస్తోంది. బడ్ బొమ్మనెత్తుకుని వానలో నిలబడ్డాడు.

అందరి వెనక, బొగ్గు డిపో గోడ పక్కనుంచి, బడి పిల్లలందరికీ తెలిసిన గొంతు వినిపించింది.

“నోరు విప్పమ్మా! ఉన్నామను! తడిసిపోతోందక్కడ!”